కాలు తగిలితే

తల దాకా కాలెగరేస్తే జనం కుర్చీల్లోంచి లేస్తారు. మోకాలి పైన, తొడ పక్కన ఒక్కటి గట్టిగా దించితే ఆవులిస్తారు. ఈ జనాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేల విడిచి సాము చేయొద్దని పెద్దలు ఊరికే అన్నారా? తల మీద తన్నే మనిషి కూడా నిలబడాల్సింది ఒక కాలి మీదే. ఆ కాలి సంగతి నేను చూసుకుంటాను. అదే నా ఆట.

నా పేరు ముస్రత్. మాది ఆదోని. నేను ఎంఎంఏ ఆడతాను. గుద్దొచ్చు, తన్నొచ్చు, పట్టి పడేయొచ్చు. వీధి పోట్లాటకూ దీనికీ తేడా ఏమిటంటే ఇందులో రెఫరీ ఉంటాడు, తర్వాత కేసులు ఉండవు. ఆడపిల్ల అంతెత్తున కాలెత్తడమేమిటని మా వీధిలో ఒకాయన నాయన దగ్గర సణిగాడట. నేనే వెళ్ళి, "నేను నడుము దాకా గూడా ఎత్తను, దిగులు పడాకు మామా" అని చెప్పి వచ్చాను.

మా నాయన మస్తాన్ వలి పరుపులు, దిండ్లు కుడతాడు. దూదేకుల వాళ్ళం కదా, తాతల నాటి దూదేకే విల్లు ఇప్పటికీ అంగట్లో గోడకు వేలాడుతూ ఉంటుంది. మిషను వచ్చాక దానితో పని లేదు. అయినా దాన్ని తుడవనిదే నాయన షట్టరు దించడు.

నేను తన్నడానికి సంచి కుట్టిచ్చింది కూడా నాయనే. మందపాటి గుడ్డలో జిన్నింగు మిల్లు నుంచి తెచ్చిన చెత్తపత్తి కూరాడు. బరువు చాలలేదని పత్తిగింజలు కలిపాడు. నాలుగు రోజులు తన్నేసరికి గింజలన్నీ కిందికి జారిపోయాయి. పైన దిండు, కింద బండ. మెత్తని చోట తంతే కాలికి తృప్తి ఉండదు కాబట్టి నేను కిందే తన్నడం మరిగాను. అందుకే నా కాలికి గురువులు ఇద్దరని చెబుతాను. ఒకరు మా కోచ్ మహేశ్వర్ సార్, ఇంకొకరు ఆ సంచి.

అయితే సంచి వేలాడదీసిన రోజే నాయన ఒక మాట పెట్టాడు.

"పత్తి మనకు కూడు పెట్టేది. దాన్ని కాలితో తంతాండావు. తన్నుకో, వద్దనను. కానీ తన్నినప్పుడల్లా ముట్టుకుని కండ్లకద్దుకో."

కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం ఎవరింట్లో లేదు? పుస్తకానికి తగిలినా, చేటకు తగిలినా, పక్కన కూర్చున్న మనిషికి తగిలినా అద్దుకుంటాం. కానీ మా నాయన దగ్గర మినహాయింపులు ఉండవు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటాడు. అంగట్లో సూది గుచ్చుతూ ఒక కన్ను నా మీదే పెట్టేవాడు. తన్నాలి, వంగాలి, సంచిని తాకాలి, కళ్ళకద్దుకోవాలి. మళ్ళీ తన్నాలి. ఏళ్ళ తరబడి అలా చేసేసరికి కాలూ చెయ్యీ ఒకే తాడుకు కట్టినట్టయ్యాయి. కాలు తగిలిందంటే చెయ్యి దానంతట అదే కిందికి పోయేది.

దాని ఫలితం ఆదోనిలో జరిగిన పోటీలో అనుభవించాను. అవతల ఉన్నది ఎమ్మిగనూరు నందిని. నాకంటే జానెడు పొడుగు. తల మీద తన్నడంలో ఆమెకు పేరు, ఫోన్లలో ఆమె వీడియోలు తిరుగుతుంటాయి. మొదటి రౌండ్‌లోనే ఆమె తొడ మీద చక్కగా ఒకటి దించాను. వెంటనే నా చెయ్యి కిందికి పోయింది. చెయ్యితోపాటు తలా వంగింది. వంగిన తలకు నందిని కాలు ఎదురొచ్చింది. తర్వాత నాకు కనిపించింది రేకుల కప్పు, దాని కింద మహేశ్వర్ సార్ ముఖం.

ఆ వీడియో ఊరంతా తిరిగింది. దానికి ఎవరో 'దండం పెట్టి దెబ్బ తిన్న పాప' అని పేరు పెట్టారు. పాలు తేవడానికి పోతే పాలవాడు కూడా నవ్వాడు. సిగ్గుతో చచ్చిపోయాననుకున్నాను. రెండు రోజులకు సిగ్గు పోయి కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

మళ్ళీ అదే నందినితో ఎమ్మిగనూరులో పోటీ పడింది. ఈసారి గెలిచినవాళ్ళే రాష్ట్ర పోటీలకు. మా బరువులో పంపేది ఒక్కరినే. ఆ చోటు నాకు కావాలి. సాకులు చెప్పకుండా చెబుతున్నాను, అన్నం కంటే ఎక్కువగా కావాలి.

మహేశ్వర్ సార్ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు సూడు, నీ చెయ్యి కత అదే. ఆ అలవాటు పోదు. కాబట్టి కాలే మానుకో. గుద్దులతో ఆడు, పట్టి పడెయ్. కింద తన్నేది వద్దే వద్దు."

"మానుకోను సార్."

"ఏంటికి మానుకోవు? కింద తంతే పెద్దగా పాయింట్లూ రావు, సప్పట్లూ రావు."

"సప్పట్లు నాకేంటికి సార్? ఆయమ్మ తల మీద తన్నల్లంటే ఎడమ కాలి మీదనే కదా నిలబడాల్సింది? ఆ కాలు లేకుంటే ఆయమ్మ ఆటే లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తమంటారా?"

"ఆ గోరు ఎత్తినప్పుడల్లా నీ తల ఇస్తాండావు కదా తల్లీ!"

ఆయన మాటలో అబద్ధం లేదు. అందుకే ఇంకా మండింది. అలవాటు మానుకోవాలంటే నాయన మాట తీసెయ్యాలి. కాలు మానుకోవాలంటే నన్ను నేను తీసెయ్యాలి. రెండూ చేయనని మొండికేసి ఇంటికొచ్చాను.

ఇంట్లో అమ్మ దిండు గలీబులకు కుచ్చులు కుడుతోంది. మా అమ్మ దౌలత్‌బీ తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే మాత్రం నాయన వినేలా మాట్లాడుతుంది. నా గోడంతా విని దారం పంటితో తెంపింది.

"ఎమ్మిగనూరు జాతరలో దిండ్లు అమ్మేదానికి పోతాము కదా. ఆ జనంలో తోసుకుంటా పోతాంటే ఎంతమందికి కాలు తగల్తాదో. అందరికీ ఒంగుతామా? ఒంగితే తొక్కేస్తారు. జనంలోంచి బయటపడినాక ఒకతూరి నేలను ముట్టుకుని కండ్లకద్దుకుంటాము. అందరికీ సేరిపోతాది."

పక్కనే అన్నం తింటున్న నాయన తల ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని అంగడికి పోయాడు. ఆయన ఒప్పుకోలేదనే అనుకున్నాను. ఆ రోజు సంచిని తన్నుతూ వంగకుండా ఉండాలని చూశాను. ఎంత బిగబట్టినా చెయ్యి సగం దాకా పోయేది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తన్నాను.

పోటీ రోజు ఎమ్మిగనూరులో ఒక ఫంక్షన్ హాలు నడుమ ఇనుప జాలీ చుట్టి బరి కట్టారు. జనమంతా నందిని మనుషులే. మైకు పట్టుకున్నాయన నన్ను పిలిచేటప్పుడు "గతంలో దండం పెట్టి పేరు తెచ్చుకున్న ఆదోని అమ్మాయి" అన్నాడు. హాలు గొల్లుమంది. ముందు వరసలో నాయన తెల్ల చొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నా ఆట చూడటానికి ఆయన రావడం అదే మొదలు. రాకపోయినా బాగుండేదనిపించింది.

మొదటి రౌండ్. నందిని ఎడమ కాలు ముందుకు పెట్టి నిలబడింది. ఆ తొడ పక్కన నా మోకాలి కింది ఎముకతో ఒకటి దించాను. బండ మీద తడిబట్ట ఉతికినట్టు చప్పుడయింది. నా కుడిచెయ్యి కదిలింది. పళ్ళు బిగించి గడ్డం దగ్గరే ఆపాను.

"అదేం దెబ్బ! పైకి కొట్టు పాపా!" అని ఎవరో అరిచారు.

మళ్ళీ అక్కడే కొట్టాను. ఈసారి ఎందుకో జాలీ అవతల తెల్ల చొక్కా కళ్ళబడింది. అంతే, చెయ్యి కిందికి జారింది, తల వంగింది. నందిని కాలు చెవి మీద పేలింది. మోకాలి మీద పడ్డాను. చెవిలో మిల్లు మిషను తిరుగుతున్నట్టు హోరు. ఎలాగో ఆమె నడుము పట్టుకుని వేలాడి, గంట కొట్టేదాకా నెట్టుకొచ్చాను.

మూలన కూర్చోబెట్టి మహేశ్వర్ సార్ నీళ్ళు పోశాడు. "సెప్పినానా లేదా? ఇంగ తన్నాకు. గుద్దులతోనే పో."

"తంతా సార్."

"నీకేమన్నా పిచ్చా?"

"ఆయమ్మ కుంటుతాండాది సార్. మీరు సూల్లేదు. నేను సూసినా."

నిజమే. గంట కొట్టాక తన మూలకు పోతూ నందిని ఎడమ కాలిని కొంచెం జాగ్రత్తగా వేసింది. హాలు మొత్తంలో అది చూసింది నేనొక్కదాన్నే అనుకున్నాను.

రెండో రౌండ్ మొదలవగానే అదే తొడ మీద ఇంకొకటి. నా చెయ్యి గడ్డం వదిలింది. నందిని కళ్ళు మెరిశాయి, నేను వంగుతానని ఆమెకు తెలుసు. అప్పుడు వినపడింది నాయన గొంతు. బేరం దగ్గర కూడా గట్టిగా మాట్లాడని మనిషి, కుర్చీ వెనక్కి పడేలా లేచి నిలబడ్డాడు.

"కడకు అద్దుకుందువులే అమ్మీ! అన్నిటికీ కలిపి అద్దుకుందువు! సెయ్యి పైకెత్తు!"

చెయ్యి గడ్డానికి అతుక్కుపోయింది. నందిని కాలు వచ్చి ఆ చేతి మీదే తగిలింది. నొప్పి పుట్టింది గానీ నాకు నవ్వొచ్చింది. ఎన్నేళ్ళుగానో నా భుజం మీద ఉన్న మూట ఎవరో దించినట్టయింది. దించింది భుజానికెత్తినాయనే. ఆ క్షణంలో మా నాయన మీద నాకు పుట్టిన ప్రేమ ఏపాటిదో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, నందిని తొడకు మాత్రం బాగా తెలుసు.

ఆ తర్వాత మొహమాటం లేదు. ఆమె ముందుకొస్తే కొట్టాను, వెనక్కి పోతే కొట్టాను, గుద్దడానికి కాలు నేలకు అదమగానే కొట్టాను. ఆమె మోకాలెత్తి అడ్డం పెట్టుకుని ఉంటే నా కాలికే దెబ్బ తగిలేది. కానీ ఎప్పుడూ పైకి తన్నే మనిషికి కింద అడ్డం పెట్టుకోవడం ఎవరు నేర్పుతారు? "పైకి కొట్టు" అన్న గొంతులు పలచబడ్డాయి. నందిని ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు, గట్టి పిల్ల. కానీ రౌండ్ చివర్లో ఎడమ కాలిని వెనక్కి తీసి కుడి కాలు ముందుకు పెట్టింది. అలా నిలబడటం ఆమెకు అలవాటు లేదు. కాలు దాచుకుంటోందంటే పని జరిగినట్టే.

మూడో రౌండ్‌లో ఆమెకు వేరే దారి లేకపోయింది. పాయింట్లు ఎలా ఉన్నాయో ఎవరికీ తెలీదు. సొంత ఊరి జనం చప్పట్లు కొడుతూ తల మీద దెబ్బ అడుగుతున్నారు. మళ్ళీ ఎడమ కాలు ముందుకు పెట్టింది, కుడి కాలు ఎత్తింది. నేను చేతులు పైకి పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. కానీ ఆ కాలు నా దాకా రానేలేదు. కింద ఉన్న ఎడమ కాలు మోయలేక మడత పడింది. నేను ముట్టుకోకుండానే నందిని కూలబడింది. లేవబోయింది, కాలు మాట వినలేదు. ఇంకోసారి లేవబోయింది. రెఫరీ చేతులు ఊపి ఆట ఆపేశాడు.

మహేశ్వర్ సార్ జాలీ ఎక్కి ఏదో అరుస్తున్నాడు. నేను ఎగరలేదు. పోయి నందిని ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాను. తొడ పక్కన ఎర్రగా కమిలిపోయి ఉంది. కుడిచేత్తో మెల్లగా దాన్ని తాకి కళ్ళకద్దుకున్నాను. అన్నిటికీ కలిపి ఒక్కసారి.

నొప్పికి ముఖం వంకర పోతున్నా నందిని నవ్వింది. "ఇంతసేపూ ఈ దండాన్ని యాడ పెట్టుకున్నావే?"

నేను జవాబు చెప్పేలోపు మైకాయన మురిసిపోతూ ఎత్తుకున్నాడు. "చూడండి! ఆదోని అమ్మాయి తన తప్పు తెలుసుకుని క్షమాపణ కోరుతోంది! కింద తన్ని గెలిచినందుకు..."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి పోయి ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నాను. ముందు వరసలో నాయన ఇంకా నిలబడే ఉన్నాడు.

"తప్పు సేసినానని కాదు అద్దుకున్నేది. కాలు తగిలింది, అద్దుకున్నా. రేపు ఎదురైతే మల్లా ఆడనే కొడతా. కొట్టినాక మల్లా అద్దుకుంటా."