నలుపు తెలుపు తాడు

సపూరా నోటికి బ్రేకులు లేవని కజఖ్ దేశపు తరాజ్ పట్నంలో తెలియనివాళ్ళు లేరు. కారు తాళం తిప్పిందంటే నోరు కూడా మొదలవుతుంది. అలాంటి మనిషి నోరు ఆ ఉదయం పదకొండేళ్ళ పిల్ల ఒక్క ప్రశ్నతో మూయించింది.

"సపూరా ఆంటీ, ఆ ఊళ్ళో నన్ను ఎవరి పిల్లవని అడిగితే ఏం చెప్పాలి?"

పిల్ల పేరు రౌషన్. పుట్టింది ఇప్పుడు వెళ్తున్న కొండల కింది ఊరి వైపేనట, కన్నవాళ్ళెవరో తెలియదు. నెలల గుడ్డుగా తరాజ్‌లోని శిశుగృహానికి చేరింది. అక్కణ్ణించి అమెరికాలోని మిన్నెసోటాకు తీసుకుపోయి కళ్ళలో పెట్టుకుని పెంచిన కొరీన్, ఆమె భర్త వెండెల్ ఇప్పుడు వెనక సీట్లో దానికి చెరోవైపు కూర్చున్నారు. పుట్టిన దేశం చూపిస్తామని పిల్లకి మాట ఇచ్చారట. దత్తత జరిగిన రోజుల్లో వాళ్ళకు దుబాసీగా తిరిగింది సపూరాయే. అందుకే ఈ రోజు భోజనం కూడా ఆ ఊళ్ళో ఉన్న తన సొంత పెద్దమ్మ ఇంట్లోనే ఏర్పాటు చేసింది.

ప్రశ్న చిన్నదే. కానీ కజఖ్‌ల ఇళ్ళలో పిల్లలకి మాటలు రాగానే నేర్పేది ఏడు తరాల తాతల పేర్లు. కొత్త మనిషి కనబడితే ముందు ఎవరి పిల్లవని అడిగి, ఆ తర్వాతే టీ పోస్తారు. జవాబు లేనివాళ్ళను ఎవరూ ఒక్క మాట అనరు, జాలిగా చూస్తారు, అంతే. నిన్న బజార్లో రౌషన్ మీద ఆ చూపులు పడటం సపూరా చూసింది. రౌషన్ కూడా చూసింది.

"ఏదో ఒకటి చెబుదాంలే తల్లీ" అంది సపూరా. ఆ మాట తనకే చప్పగా తోచింది.

పెద్దమ్మ బల్జాన్ గేటు దగ్గరే నిలబడి ఉంది. కారు దిగుతూనే రౌషన్ తలుపు అంచు తట్టుకుని ముందుకు తూలింది. గేటు దాటుతూ ఇంకోసారి తట్టుకుంది. పెద్దమ్మ కళ్ళు చికిలించి దాని కాళ్ళ కేసి చూసింది. కొరీన్ ఎడమ కాలు పుట్టుకతోనే పొట్టి. ఆవిడ ఒక పక్కకి ఒరుగుతూ కూతురి వెనకే వచ్చింది.

లోపల పొట్టి బల్ల నిండా పాల టీ, నూనెలో వేగిన పిండి ఉండలు, ఉడికించిన గుర్రం మాంసం. వెండెల్ ఆరడుగుల మనిషి, పెట్టినదల్లా కాదనకుండా తింటున్నాడు. పెద్దమ్మ మురిసిపోయింది.

"తినే మగాడంటే ఇలా ఉండాలే సపూరా! మీ ఆయన తింటుంటే పిచ్చుక గింజలేరినట్టుంటుంది."

"మీకు వంట నచ్చినందుకు సంతోషమంటోంది" అని సపూరా ఇంగ్లీషులో చెప్పింది. ఆమె దుబాసీతనంలో పాము చావకుండా కర్ర విరక్కుండా మాట దాటించే విద్య చాలా ఉంది.

ఈలోగా అమెరికా వాళ్ళొచ్చారని ఇరుగుపొరుగు చేరారు. నాలుగూళ్ళకు ఉత్తరాలు మోసే కమ్షాత్ వచ్చింది. గొర్రెల మంద ఉన్న కదిర్‌బాయ్ తాత వచ్చి, దిండుకి ఆనుకుని, గడ్డం దువ్వుకుని, అందరూ అడుగుతారనుకున్న మాటే అడిగాడు.

"ఏమ్మా, ఎవరి పిల్లవి?"

ఆ రెండు ముక్కల కజఖ్ రౌషన్‌కి వచ్చు. దాని మొహం జేవురించింది. సపూరా మాట మార్చాలని తాత ముందుకి టీ జరిపింది. పిల్ల చివాల్న లేచి బయటికి పరుగెత్తబోయి, గడప తట్టుకుని బోర్లా పడింది.

"అయ్యో, తల్లీతండ్రీ లేని పిల్ల" అంది కమ్షాత్.

"తండ్రి లేకపోవడమేంటే? ఎదురుగా కొండలా కూర్చుని నా కుండ ఖాళీ చేస్తున్నాడు కనబడ్డంలా?" అని కసిరి, పెద్దమ్మ వెళ్ళి పిల్లను లేపింది. మోకాలు తుడుస్తూ సపూరా వైపు తిరిగింది. "పొద్దున్నుంచీ చూస్తున్నా, ఇది మూడోసారి. దీని తాడు ఎవరు కోశారే?"

"ఎవరూ కొయ్యలేదు పెద్దమ్మా."

"అదీ సంగతి! మరి పడక ఏం చేస్తుంది?"

ఏడాది పిల్లలు తొలి అడుగులేసే వేళ కాళ్ళకు నలుపు తెలుపు ఉన్ని తాడు కట్టి కోస్తారు. కోయని పిల్లలు కంటికి కనబడని ఆ తాడుతోనే పెద్దవాళ్ళయి అడుగడుగునా తట్టుకుంటారని అందరి నమ్మకం. శిశుగృహంలో అంతమంది పిల్లల్లో ఎవరి కాళ్ళకని కడతారు? పెద్దమ్మ అప్పటికప్పుడు ఉన్ని తీసి తాడు పేనింది. వాకిట్లో తెల్లటి బట్ట పరిచారు. పదకొండేళ్ళ పిల్లను చంటిదానిలా నిలబెట్టి కాళ్ళకు తాడు చుడుతుంటే ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. రౌషన్ కూడా నవ్వేసింది.

"కమ్షాత్, కత్తి నువ్వు పట్టు" అంది పెద్దమ్మ. "కోసినవాళ్ళ నడకే పిల్లకొస్తుంది. ఊళ్ళో నీ అంత చురుకైన కాళ్ళు ఎవరికున్నాయి?"

సపూరా ఆ మాట రౌషన్‌కి చెప్పింది. పిల్ల నవ్వు ఆపింది.

"కోసినవాళ్ళ నడక వస్తుందా? అయితే అమ్మ కోయాలి."

సపూరా ఆ మాటను ఇటు చెప్పేసరికి ఆడవాళ్ళు కొరీన్ కాలి వైపు చూశారు. కొరీన్ తల అడ్డంగా ఊపింది.

"వద్దు రౌషన్. నా నడక నీకెందుకే? ఆవిడ చేత్తో కోయించుకో."

"నాకదే కావాలి" అంది రౌషన్.

"కుంటి నడక ఎవరైనా కోరి తెచ్చుకుంటారా?" అన్నాడు తాత.

ఈ మాట సపూరా ఇంగ్లీషులోకి మార్చలేదు. ఆమెకు ఒళ్ళు మండింది. మిన్నెసోటా వాళ్ళ కోసం దత్తత నాడూ ఈనాడూ మాటలకు చక్కెర పూస్తూ వచ్చిన మనిషి, ఇప్పుడు తనవాళ్ళ కేసి తిరిగి చక్కెర లేకుండా మాట్లాడింది.

"తాతా, దత్తత నాటి చలికాలం నేను పక్కనే ఉన్నాను. పిల్లకి మచ్చికవ్వాలని ఈవిడ రోజూ శిశుగృహానికి వచ్చేది. మంచు మీద జారి పడేది, లేచేది, మళ్ళీ నడిచేది. ఒక్క రోజు మానలేదు."

పెద్దమ్మ కమ్షాత్ చేతిలోంచి కత్తి తీసుకుంది.

"కదిర్‌బాయ్, మన కాళ్ళన్నీ మంచివే కదా. ఇక్కణ్ణించి తరాజ్ ఎంత దూరం? ఈ పిల్ల కోసం మనలో ఒక్క కాలైనా కదిలిందా? ఆ కుంటి కాలే సముద్రాలు దాటొచ్చింది. పిల్లకి రావాల్సిన నడక అదే."

తాత తల దించుకున్నాడు. పెద్దమ్మ కత్తి తీసుకెళ్ళి కొరీన్ చేతిలో పెట్టింది. ఈ మాటలు మాత్రం సపూరా ఒక్క అక్షరం వదలకుండా చెప్పింది. చెబుతుంటే గర్వంతో ఆమె ఛాతీ నిండిపోయింది. ఇలాంటి పెద్దమ్మ తనదైనందుకు గర్వం, ఇలాంటి తల్లిని కోరుకున్న పిల్ల ఈ నేల మీద పుట్టినందుకు గర్వం.

కొరీన్ వంగి తాడు కోసింది. ఒక్క వేటుకే తెగింది. "పరుగు! పరుగు!" అని అందరూ కేకలేశారు. తల్లీకూతుళ్ళు చేతులు పట్టుకుని తెల్లబట్ట మీద పరుగెత్తారు. తల్లి ఎడమకు ఒరిగితే, చెయ్యి వదలని పిల్ల కూడా ఎడమకే ఒరిగింది. శుభానికని ఆడవాళ్ళు గుప్పెళ్ళతో మిఠాయిలు చల్లారు. వెండెల్ కళ్ళు తుడుచుకుంటూనే ఒకటి నోట్లో వేసుకున్నాడు. బట్ట చివర ఇద్దరూ తట్టుకుని ఒకరి మీద ఒకరు పడి, లేవకుండానే నవ్వసాగారు.

ఆ గోల విని పక్కింటి ముసలమ్మ గేట్లోంచి తొంగిచూసింది.

"ఎవరి పిల్లే అది?"

సపూరా నోరు తెరిచేలోగా కదిర్‌బాయ్ తాత అందుకున్నాడు.

"కళ్ళు కనబడ్డంలేదా ఏంటి? నడక చూస్తే తెలీడంలా, ఎవరి పిల్లో!"

తిరుగు ప్రయాణంలో రౌషన్ తాత అన్న ఆ మాటను సపూరా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని, తరాజ్ దీపాలు కనబడేలోపు కజఖ్‌లో తప్పు లేకుండా నేర్చేసుకుంది.