నలభై దాటని సేటు

జహీరాబాద్‌ల మదన్‌మోహన్ సేటు కారు నలభై దాటదన్న సంగతి ఎవలనడిగినా చెప్తరు. తెల్ల అంబాసిడరు. ఎరువుల దుకాణం మంచిగ నడిచిన ఏడు హైదరాబాద్‌ల కొన్నడు, పాతదే. కొన్ననాడు బొంబై రోడ్డు మీద ఇంటికి తెస్తుంటే ఎనుక లారీలు హారన్ కొట్టి కొట్టి యాష్టపడ్డయట. స్పీడు మీటరు ముల్లు నలభై మీద కూసున్నదంటే ఇగ కూసున్నట్టే. చెరుకు ట్రాక్టర్ ఒకటి ఆయనను దాటి పోయిందని, పోతపోత డ్రైవరు ఎనుకకు మర్రి దండం పెట్టిండని ఊర్ల ఇప్పటికీ నవ్వుకుంటరు. గట్ల నలభై సేటని పేరు వడ్డది. ఆయనకు ఆ పేరంటే కోపం లేదు. నిజం చెప్పాల్నంటే లోపల జర గర్వమే.

దుకాణం పక్కనే జగన్‌మోహన్‌ది లారీల ఆఫీసు. పొద్దుగూకితే చాయ్ తాగుకుంట ఇద్దరికీ రోజూ ఇదే లొల్లి.

"సర్కారు గంత సక్కటి రోడ్డు ఎందుకేసింది సేటూ? ఉరికెటందుకే గద!" అంటడు జగన్‌మోహన్. "ఎడ్లబండ్లు, సైకిళ్లు, బర్రెలు, ముందుగాల అవి తియ్యుమను. అల్లం మూట ఒక్కపూట ఆలిశమైతే బొంబైల అడిగెటోడు ఉండడు. మెల్లగ పోతే మేం బతుకుడెట్ల?"

"రోడ్డు ఏమన్న మీ తాత జాగీరా? సైకిలోడు గాలిల పోవాల్నా?" అని ఈయన గయ్యిమని లేస్తడు. "ఊరొస్తే మెల్లగ పొమ్మని బోర్డు పెట్టిన్రు. ఒక్కడన్న దానిదిక్కు సూస్తడా? ఫారిన్‌ల మిషన్లున్నయట. ఉరికే బండిని ఫోటో దీసి ఇంటికి పంపుతయట. పేపర్ల సదివిన. గసొంటిది కోహీర్ చౌరస్త కాడ ఒక్కటి పెడితే మీ తిక్కలన్ని కుదురుతయి."

"ఆ మిషన్ నీ కారు ఫోటో తీస్తే, నిలవెట్టిన బండి అనుకుంటది సేటూ!"

చాయ్ హోటల్ల ఉన్నోళ్లంత పక్కలు వట్టుకొని నవ్వెటోళ్లు. సేటు కూడ నవ్వెటోడు, మల్ల మొదలువెట్టెటోడు. స్పీడు బ్రేకర్లు పెట్టుమని ఆఫీసుల చుట్టు తిరిగింది ఆయనే. రోడ్డు మీద ఎవలన్న సచ్చిన్రంటే రెండు రోజులు అన్నం సరిగ తిననిది ఆయనే. నవ్వెటోళ్లకేం, నవ్వుతరు.

ఇంట్ల సేటు భార్య భాగీరథమ్మ మాత్రం నవ్వకపోయేది. "నీ కార్ల ఎక్కే బదులు నడిచి పోతే ముందుగాల చేరుదును" అని సణుగుకుంటనే ఎక్కేది.

ఎనభై నాలుగుల సంగతి ఇది. చెరుకు కొట్టే దినాలు. సదాశివపేటల చెల్లె ఇంటికి పోయి భార్యాభర్తలిద్దరు మర్లి వస్తున్నరు. పగలు ఇంక శానా ఉంది. ఎనుకనుంచి ఒక లారీ చెవులు పలిగెటట్టు హారన్ కొట్టుకుంట వచ్చి, కారును గీకినట్టే దాటి దుమ్ము లేపుకుంట పోయింది. భాగీరథమ్మ దగ్గుకుంట అద్దం పైకి తిప్పింది. సేటు వాణ్ని ఒక తిట్టు తిట్టిండు. నంబరు సూడాలె అన్న సోయి ఎవలకుంటది?

రెండు మలుపులు దాటినంక రోడ్డు పక్కన సైకిలు పడి ఉంది. ఎనుక చక్రం ఇంక తిరుగుతనే ఉంది. సంచి పలిగి అల్లమంత రోడ్డు మీద చెదిరింది. గుంతల ఒక మనిషి బోర్ల పడి ఉన్నడు.

సేటు బ్రేకు తొక్కిండు. భాగీరథమ్మ ఆయన చెయ్యి గట్టిగ పట్టుకుంది. "వద్దయ్యా, ఆగకు! నీకు దండం పెడ్త, పోనీ. టేషన్ల చెప్దాం."

ఆమె తప్పు మాట అనలే. ఆ రోడ్డు మీద బండ్లు నడిపెటోళ్లకు గేరు ఎట్ల మార్చాల్నో నేర్పినంకనే ఇది కూడ నేర్పెటోళ్లు. నువ్వు గుద్దితే ఆగకు, సీద పోలీస్ టేషనుకు పోయి కూసో. ఇంకెవడో గుద్దితే అసలుకే ఆగకు. ఊరోళ్లు ఉరికొచ్చెటాళ్లకు అక్కడ ఎవడుంటే వాడే గుద్దినోడు. సేటుకు ఇది తెల్వదా? మంచిగ తెలుసు. తెలిసి కూడ ఆగిండు. ఆగకపోతే ఇన్నొద్దులు హోటల్ల మాట్లాడిన మాటలకు ఏం ఇజ్జత్ ఉంటది? నడిచే కారు నడిచినట్టే పోతే జగన్‌మోహన్ లారీకి, తన కారుకు ఏం ఫరక్?

మనిషి బతికే ఉన్నడు. నెత్తి పలిగింది, కాలు వంకరవొయ్యింది. ఇద్దరు కలిసి ఎట్లనో లేపి ఎనుక సీట్ల పండవెట్టిన్రు. భాగీరథమ్మ అన్ని భయాలు పక్కకు వెట్టి ఆయన నెత్తి ఒళ్లె వెట్టుకొని, కొంగుతోని గాయాన్ని అదిమి పట్టింది. సేటు తలుపేసి స్టీరింగు కాడ కూసున్నడో లేదో, చెరుకు చేన్లకెళ్లి మనుషులు ఉరికొచ్చిన్రు. చేతులల్ల చెరుకు కొట్టే కత్తులు.

"మా అన్న! అయ్యో, మా చెన్నబసప్ప!" అని ఒకడు కారు మీద వడ్డడు. వాని పేరు సంగప్ప. కిటికీలకెళ్లి చెయ్యి పెట్టి తాళంచెవి గుంజుకున్నడు. ఇంకొకడు చక్రాలకు రాళ్లు పెట్టిండు. ఇద్దరు ముగ్గురు పోయి ఎడ్లబండిని కారుకు అడ్డం గుంజిన్రు. అంత కండ్లు మూసి తెరిసెటాళ్లకు అయిపొయ్యింది.

"లారీ గుద్దింది నాయనా, నేను కాదు!" అన్నడు సేటు.

"యాడుంది లారీ? నంబరు చెప్పు."

సేటు లారీ పోయిన దిక్కు చెయ్యి సూపిచ్చిండు.

"గుద్ది, మనిషిని కార్లేసుకొని యే వాగులనో పారేద్దామనుకున్నవ్ గదా?"

"నేను నలభై దాటనయ్యా! జహీరాబాద్‌ల ఎవలనన్న అడుగున్రి!"

"దొరికినోడల్ల గదే అంటడు" అన్నరు ఎనుకనుంచి ఎవలో. "ఈ ఏడాదిల మా ఊరోళ్లను ఎంతమందినో బండ్లు తొక్కుకుంట పోయినయి, ఒక్కడు దొరకలే. దేవుని దయతోని ఇయ్యాల ఒకడు దొరికిండు. పోలీసులు వచ్చెదాంక చక్రం కదలద్దు."

పోలీసులకు చెప్పొస్తనని ఒకడు సైకిలెక్కిండు. ఆ సైకిలు టేషన్ చేరేదెప్పుడు, వాళ్లు వచ్చేదెప్పుడు? మరి మనిషినన్న ఎడ్లబండిల ఏసుకొని తీస్కపోన్రి అని సేటు అంటే, కదిలిస్తే పాణం పోతదని ఒకడంటడు, ఇక్కడ్నే ఉంచితే పోతదని ఇంకొకడంటడు. కారు చుట్టు మనుషులు. అద్దాల నిండ మొఖాలు. లోపట గాలి ఆడక భాగీరథమ్మకు చెమటలు వట్టినయి.

"ఏమయ్యా, ఊపిరి గురగుర అంటుంది. ఇగ శానాసేపు ఉండడు" అన్నది.

అప్పుడు ఊరి పెద్దమనిషి గురులింగప్ప ముందుకొచ్చిండు. ముసలాయన, మంచోడే. నిమ్మళంగ మాట్లాడిండు.

"సేటూ, నువ్వు గుద్దితే చెప్పు. తప్పు నీదైతే మనిషి బరువు కూడ నీదే అయితది, దవాఖానకు తీస్కపోతవు. మా కాడ తప్పు ఒప్పుకున్నోని మీద చెయ్యి వెయ్యం. నువ్వేమో గుద్దలేదంటవు. గుద్దనోనికి మావోనితోని ఏం పని? తొవ్వల దించి పోతే మేమేం చెయ్యాలె? ఒప్పుకోని మనిషిని ఎట్ల నమ్ముడు?"

ఎంత సక్కటి న్యాయం! గుద్దినోడైతే నమ్ముతరట, గుద్దనోడైతే నమ్మరట. సేటుకు నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలే. అద్దంలకెళ్లి ఎనుక సీటు దిక్కు సూసిండు. చెన్నబసప్ప నోట్లెకెళ్లి ఎర్రటి నురుగు కారుతుంది. భాగీరథమ్మ చేతులు మోచేతుల దాంక నెత్తురు.

సేటు కారు దిగిండు. కిందికి వంగి రోడ్డు పక్కన పిడికెడు మట్టి తీసుకున్నడు. ఆ ఊర్లల్ల మట్టి ముట్టి చెప్పిన మాటకు ఇగ తిరుగులేదు. చిన్నప్పటికెళ్లి ఆ దిక్కు తిరిగినోడే, ఆయనకు తెలుసు.

"నేనే గుద్దిన" అన్నడు. "తప్పు నాదే. ఇగ బండి తియ్యున్రి."

"అయ్యో, కాదు! కాదయ్యా!" అని లోపటికెళ్లి భాగీరథమ్మ మొత్తుకుంది. ఎవలూ ఇనలే. గురులింగప్ప చెయ్యి లేపిండు. రాళ్లు తీసిన్రు, ఎడ్లబండి పక్కకు జరిగింది. తాళంచెవి సేటు చేతిల పడ్డది. సంగప్ప కత్తి ఒళ్లె వెట్టుకొని ముందు సీట్ల కూసున్నడు.

సేటు కాలు అదిమిండు. ముల్లు నలభై కాడికి వచ్చింది, దాటింది. అరవై. కారు ఇంతకుముందెన్నడు చెయ్యని చప్పుడు చేస్తుంది. డబ్బై. స్టీరింగు చేతులల్ల గడగడ వణుకుతుంది. హారన్ మీది చెయ్యి తియ్యకుంట లారీలను దాటిండు. ఊరొచ్చింది, మెల్లగ పొమ్మన్న బోర్డు వచ్చింది, బోర్డు పోయింది. గడ్డిమోపు ఎత్తుకొని రోడ్డు దాటే ఆడామె మోపు కింద పడేసి పక్కకు దుంకింది. సేటు స్టీరింగు పక్కకు గుంజిండు. ఒక్క గజం అటైతే? ఆగలే. ఆగితే ఎనుకున్నోడు పోతడు, ఆగకపోతే ముందు ఎవలన్న పోతరు. తనను తాను తిట్టుకున్నడు, ఆ లారీ డ్రైవరుకు పెట్టిన తిట్టే పెట్టుకున్నడు. కాలు మాత్రం తియ్యలే.

సంగప్ప ఎనభై మీదున్న ముల్లు దిక్కు సూసిండు, సేటు దిక్కు సూసిండు.

"గిట్ల నడిపే గద మా అన్నను గుద్దినవ్" అన్నడు.

దవాఖానల చెన్నబసప్ప బతికిండు. ఇంకొంచెం ఆలిశమైతే దక్కకపోవునని డాక్టరే అన్నడు. ఆ మాట ఇన్నంక సేటు వరండాల బల్ల మీద కూలవడ్డడు. అంగీ మీద నెత్తురు ఎండి పెళుసు వారింది. పాణం నిలవడ్డదన్న సంబురానికి కండ్లల్ల నీళ్లొచ్చినయి.

ఎస్సై వచ్చిండు. అప్పటికి గురులింగప్ప, ఊరోళ్లు బస్సెక్కి వచ్చి ఉన్నరు.

"ఇగ చెప్పు" అన్నది భాగీరథమ్మ, మొగని భుజం పట్టుకొని. "మనిషి బతికిండు. ఇగ ఎవలకు భయం? ఉన్నదున్నట్టు చెప్పు."

సేటు లేచి నిలవడి చెప్పిండు. లారీ సంగతి, ఆగిన సంగతి, ఎడ్లబండి అడ్డం పెట్టిన సంగతి. మనిషిని కాపాడెటందుకు తప్పు మీదేసుకున్న సంగతి. గురులింగప్ప మొఖం మాడిపోయింది.

"మట్టి ముట్టి చెప్పినవ్ సేటూ" అన్నడు. గంతే. సేటు దిక్కు వీపు తిప్పిండు.

"నా కండ్లతోని సూసిన సార్" అన్నడు సంగప్ప. "ముల్లు ఎనభై కాడుండె. రోడ్డు దాటే ఆడామె పాణాలు పోవలసింది."

ఎస్సై నవ్విండు. చెడ్డోడేం కాదు. "సేట్ సాబ్, దవాఖానకు వచ్చినంక అందరికి లారీలే యాదికొస్తయి. మీ నలభై సంగతి నేను కూడ ఇన్న. ఇన్నంక ఏం జెయ్యాలె? దానికి గవాయి ఎవరు?"

"నేను లేనా?" అన్నది భాగీరథమ్మ.

"మీరు సేట్ సాబ్ భార్య గదమ్మా, మీ మాట ఎట్ల చెల్లుతది?"

లోపటికి పోయి చెన్నబసప్పను అడిగిన్రు. ఎనుకకెళ్లి ఏదో కొట్టిందన్నడు. ఏ బండో సూడలేదన్నడు. కండ్లు మూసుకున్నడు.

సేటు మల్ల బల్ల మీద కూసున్నడు. గుద్దలేదంటే మట్టి తప్పినోడు. గుద్దిననంటే గుద్దినోడు. రేపు హోటల్ల జగన్‌మోహన్ ముందు ఏ మొఖం పెట్టుకొని కూసోవాలె? ఆపకుంట పోయి ఉంటే ఇయ్యాల కూడ నవ్వుకుంట చాయ్ తాగుతుండెనేమో. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసయ్యమైంది.

భాగీరథమ్మ ఇగ ఆపుకోలేకపోయింది. గోడకు ఒరిగి, నెత్తురు మరకల కొంగు నోట్ల కుక్కుకొని ఎక్కెక్కి ఏడ్చింది. అట్ల ఏడుస్తుంటే ఒకామె వచ్చి పక్కన కూసుంది. చెన్నబసప్ప భార్య, బసమ్మ. ఊరోళ్లు పిలుస్తున్నా వాళ్ల దిక్కు సూడలే. భాగీరథమ్మ చెయ్యి తన చేతిలకు తీసుకుంది.

"ఏడ్వకక్కా" అన్నది. "కేసు వద్దని నేను చెప్పిన ఆళ్లకు. నా మొగన్ని తెచ్చినోణ్ని జేల్ల వేపియ్యమంటనా? తప్పు ఎవలు చెయ్యరు? అందరు గుద్ది పారిపోయెటోళ్లే. మీ ఆయన ఆగిండు, మోసుకొచ్చిండు. బంగారమసొంటి మనిషి."

భాగీరథమ్మ నోరు తెరిసింది. అయ్యిందంత చెప్పాలనుకుంది. బసమ్మ మొఖంల కోపం లేదు, అనుమానం లేదు, మొగడు బతికిండన్న నిమ్మళం తప్ప ఏం లేదు. బసమ్మ తన కొంగుతోని ఆమె కండ్లు తుడిచింది.

"ఒక్క మాటక్కా, ఏమనుకోకు. ఇగనన్న జర మెల్లగ నడుపుమని చెప్పు మీ ఆయనకు."

భాగీరథమ్మ తల ఊపింది. ఊపక ఏం చేస్తది?