రాయమల్లు షూటింగు

పెళ్లాం గంగుబాయి నల్లా దగ్గర కూర్చుని గిన్నెలు తోముతుంటే రాయమల్లు ఆమె చుట్టూ మూడోసారి తిరిగాడు. రెండు మోచేతులూ డొక్కలకు అదుముకుని, ఊపిరి బిగబట్టి, కొత్త వీడియో కెమెరాను గుండెకు ముందు పట్టుకుని అడుగులో అడుగు వేస్తున్నాడు. పాచి మీద కాలు జారి నడుం విరిగినా ఫర్వాలేదు, కెమెరా మాత్రం కదలకూడదు. నెల రోజులుగా ఇదే భాగోతం. నస్పూర్ కాలనీలో ఏ క్వార్టర్ ముందు ఏ కోడి గింజలు ఏరుకున్నా ఈ మహానుభావుడు షూటింగ్ చేసి దాచిపెట్టాడు.

ఇంకొక్క చుట్టు తిరిగితే చేతిలోని బూడిద పీచు మొహాన కొడతానంది గంగుబాయి. అంటుందని అతనికి తెలుసు. షూటింగు విలువ గిన్నెలు తోముకునేవాళ్లకేం అర్థమవుతుందని అతను మనసులోనే ముక్కు చిట్లించి, కెమెరా తెర మీద ఎర్ర చుక్క ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు ఊపిరి వదిలాడు.

మనిషి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పొట్టివాడు, భుజాలు వెడల్పు, ఎడమ కణత మీద బొగ్గు దిగి నీలంగా మిగిలిన పాత గాటు. ముప్పై మూడేళ్ల కింద బొగ్గు బాయిలో బొగ్గు నింపిన టబ్బులు తోసే పనికి చేరాడు. ఇప్పటికీ టబ్బులే తోస్తున్నాడు. ఇన్నేళ్లలో అతన్ని ఒకడు మెచ్చుకున్నది లేదు, ఒకడు తిట్టి సస్పెండ్ చేసిందీ లేదు. యూనియన్‌లో చందా ఇచ్చే పేరే తప్ప మాట్లాడే పేరు కాదు. నాగా పెట్టిన రోజున షిఫ్టులో అతను లేడని ఎవరికీ తోచేది కూడా కాదు. అలాంటివాడి చేతికి కెమెరా వచ్చింది. సెల్‌ఫోన్లలో బొమ్మలు ఇంకా మసకమసకగా వచ్చే రోజులవి. కాలనీ మొత్తంలో సొంత కెమెరా ఉన్నది తనొక్కడికే అనేసరికి రాయమల్లుకు కళ్లు నెత్తికెక్కాయి.

ఈ ఆదివారం మాత్రం ఉత్త కోళ్ల షూటింగు కాదు. మొండయ్యను తీయాలి. మొండయ్య, తనూ ఒకే రోజు బాయిలో దిగారు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి మొండయ్య రెండేళ్ల కింద మంచానపడ్డాడు. పది రోజుల కింద కరీంనగర్ డాక్టర్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. బాసర నుంచి కూతురు రేవతి ఎనిమిది నెలల కొడుకును చంకనేసుకుని వచ్చింది. ఇంట్లో తండ్రి ఫోటో ఒక్కటే ఉంది. అది కంపెనీ కార్డు మీద తపాలా బిళ్లంత ఫోటో, నీళ్లు తగిలి ముక్కు దాకా చెరిగిపోయింది. పిల్లవాడు పెద్దయ్యాక తాత ఎలా ఉండేవాడంటే ఏం చూపించాలన్నది ఆమె బాధ. స్టూడియో ముష్తాక్‌ను పిలుస్తానంటే రాయమల్లు అడ్డుపడ్డాడు. తను ఉండగా పరాయివాడు ఎందుకన్నాడు. కెమెరా తనది, మనిషి తన దోస్తు, ఇక మధ్యలో ముష్తాక్ ఎవడన్నాడు. రేవతి మొహమాటపడి సరేనంది.

అయినా ఆ ఆదివారం పది గంటలకు రాయమల్లు ఆ ముష్తాక్ దగ్గరికే పోయాడు. నెల రోజుల విద్యను టీవీలో చూసుకోవాలంటే కెమెరాను టీవీకి కలిపే వైరు ముష్తాక్ దగ్గరే ఉంది మరి. టీవీలో ముందు గంగుబాయి చీర కుచ్చిళ్లు వచ్చాయి. తర్వాత ఎవరివో చెప్పులు. తర్వాత ఎదురింటివాళ్ల నిశ్చితార్థంలో పెళ్లికొడుకు చొక్కా గుండీలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉన్నాయి. అందరూ మెడ కిందికే. ముష్తాక్ పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత, ఈ రోజు తీయాల్సింది ఎవరినో తెలిసి నవ్వు ఆపాడు.

"కాకా, చెయ్యి మాత్రం బండ లెక్క ఉన్నది, జర గుడ వణుకలే. కని మొఖాలు ఏవి? నేను గూడ వస్త నీ ఎంబడి."

రాయమల్లుకు మొదటి మాట ఒక్కటే వినపడింది. బండలా ఉన్న చెయ్యి. రెండోది అసూయ అనుకున్నాడు. ముష్తాక్ పెళ్లిళ్లలో తీసేదేముంది, నోరు బార్లా తెరిచి బిర్యానీ మింగే మొహాలు తప్ప? మొహాలు తీయడం ఎవడికి రాదు? లోపమేదైనా ఉంటే కెమెరాలో ఉండాలి, లేదా నిలబడమంటే కుదురుగా నిలబడలేని జనంలో ఉండాలి. ఆ సంగతి చెప్పి, వైరు పీకి ముష్తాక్ చేతిలో పెట్టి బయటికి నడిచాడు.

మొండయ్య ఇంటి ముందు ఎండ పరుచుకుని ఉంది. వెలుతురులోనే తీయాలన్నది ముష్తాక్ నేర్పిన పాఠాల్లో అతనికి ఎక్కిన ఒకే ఒక్క పాఠం. ప్లాస్టిక్ కుర్చీని వాకిట్లో నాలుగుచోట్ల మార్చి మార్చి వేయించాడు. రేవతి తండ్రి రెక్క పట్టుకుని, ఐదు అడుగులకు రెండుసార్లు ఆగుతూ తీసుకొచ్చింది. వీపుకు ఒక దిండు, పక్కన ఒక దిండు పెట్టింది. ఆమె ఏదో చెప్పబోతుంటే రాయమల్లు వేలెత్తి ఆగమన్నాడు. సినిమా డైరెక్టర్లు కూడా అంత బిగుసుకుపోరు.

"ఎట్ల కనవడుతున్న రా?" అన్నాడు మొండయ్య.

"మంచిగనే ఉన్నవ్. కదలకు," అన్నాడు రాయమల్లు, తల ఎత్తకుండానే. ఎండ పడి ఆ చిన్న తెర మీద ఏ బొమ్మా ఆనడం లేదు. ఎర్ర చుక్క, దాని పక్కన తిరిగే అంకెలు మాత్రం కనిపిస్తున్నాయి. అతను వాటినే చూస్తున్నాడు.

ఎండకు మొండయ్య కళ్లు చికిలించాడు. ఎదుటివాడి కళ్లు అలా ముడుచుకోగానే రాయమల్లు మణికట్లు వాటంతటవే జానెడు కిందికి దిగాయి. దిగినట్టు అతనికి తెలియదు. బాయిలో దీపం నెత్తి మీది టోపీకే ఉంటుంది. ఎటు చూస్తే వెలుతురు అటే పడుతుంది. ఎదుటివాడి మొహంలోకి చూశావా, వాడి కళ్లు చెదిరి అడుగు ఎక్కడ పడుతుందో చెప్పలేం. కొత్తగా దిగినవాడు మొదటి వారమంతా ఈ ఒక్క తప్పుకే అమ్మాలి తిట్లు తింటాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఎదుటివాడి గుండీల మీదో, బూట్ల మీదో చూపు నిలిపి మాట్లాడతాడు. ముప్పై ఏళ్లకు పైగా పక్కపక్కన టబ్బు తోసినవాళ్లు ఒకరినొకరు గొంతును బట్టే పోల్చుకుంటారు. అలాంటి చేతికి కెమెరా దొరికితే అది మెడ కిందికి పోక ఎక్కడికి పోతుంది?

మొండయ్య పసిగట్టాడు. అతనూ బాయి మనిషే కదా.

"అరే, ఇది బాయి గాదు రా. నా కండ్లకేం గాదు. మొఖం మీదనే పట్టు."

"నాకు దెల్సు. నువ్వు చెప్పేది చెప్పు."

చేతిని వెంట్రుకవాసి కూడా ఎత్తలేదు. షూటింగు మొదలయ్యాక కదిలిస్తే బొమ్మ వణుకుతుంది, వణికితే ముష్తాక్ ముందు పరువు పోతుంది. నలభై నిమిషాలు అలాగే కొయ్యలా నిలబడ్డాడు. మొండయ్య మనవణ్ణి పేరు పెట్టి పిలిచి మాట్లాడాడు. తను పుట్టిన ఊరు, తోలిన ఎడ్లు, మొదటి జీతంతో పెళ్లాం అడిగిన ఎర్ర గాజులు తెచ్చిన సంగతీ చెప్పాడు. నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాడు. బాయి పనికి మాత్రం రావద్దు బిడ్డా, అన్నాడు. చివర్న కొంచెంసేపు ఊరికే నవ్వుతూ కూర్చున్నాడు, మనవడు చూస్తాడని.

తండ్రిని లోపల పడుకోబెట్టి వచ్చి, ముఖం బాగా వచ్చిందా కాకా అని రేవతి అడిగింది. సాయంత్రం టీవీలో చూస్తే నీకే తెలుస్తుందని గొప్పగా చెప్పి ఇంటికి పోయాడు. జొన్నరొట్టె తిన్నాడు. గంగుబాయికి తన చెయ్యి ఎంత కుదురో రెండుసార్లు చెప్పాడు. ఆమె వినకుండా వాకిలి ఊడ్చుకుంది. అతను పడుకుని గురకపెట్టాడు.

నాలుగున్నరకు గంగుబాయే లేపింది. మొండన్న పోయాడట, లెమ్మంది. చాయ్ అడిగాడట. రేవతి చాయ్ పోసుకొచ్చేసరికి గోడవైపు తిరిగి ఉన్నాడట.

శవాన్ని వరండాలో చాప మీద పడుకోబెట్టారు. ముఖం మీద ఈగలు వాలుతున్నాయని ఎవరో తువ్వాల కప్పారు. రాయమల్లు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కెమెరా చేతిలోనే ఉంది. ఇంట్లో పెట్టి రావాలని తోచలేదు. రేవతి ఏడ్చి ఏడ్చి లేచి, పిల్లవాణ్ణి ఎత్తుకుని అతని దగ్గరికి వచ్చింది.

"ఒక్కసారి బాపును చూపియ్యి కాకా."

వరండా నీడలో తెర చక్కగా కనిపించింది. తెల్ల లుంగీ. మోకాళ్ల మీద రెండు చేతులు, ఒక బొటనవేలు ఇంకో బొటనవేలి గోరును రుద్దుతోంది. కుర్చీ కాళ్ల మధ్య పాదాలు. గొంతు మనవణ్ణి పిలుస్తోంది. రేవతి ఎదురుచూసింది. రాయమల్లు బొమ్మను ముందుకు జరిపాడు. లుంగీ, చేతులు, పాదాలు. ఇంకా ముందుకు జరిపాడు. చివర్న మాటలు ఆగి, నవ్వే చోట, చొక్కా మూడో గుండీ పైకీ కిందికీ కదిలింది. అంతే. బొమ్మ మాత్రం ఇసుమంత కూడా వణకలేదు. ముష్తాక్ చెప్పింది నిజం, బండ లాంటి చెయ్యి.

చుట్టూ ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గంగుబాయి మొగుడివైపు చూసింది. నెల రోజులుగా ఆమె చూపులో ఉన్నది వెక్కిరింత. ఇప్పుడున్నది అసహ్యం. ఆ రెంటికీ తేడా రాయమల్లుకు మొదటిసారి తెలిసింది.

రేవతి పిల్లవాణ్ణి ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుంది.

"నీ షూటింగని పొద్దుగాల్నే లేచి గడ్డం గీసుకుండు కాకా. మీసాలకు రంగేసుకుండు. చెయ్యి వణుకుతుంది నేనేస్తనంటె ఇనలే." చాప వైపు చూసింది. "నేను ఎనుకకు నిలవడితి, నాకు కనవడలే. నువ్వు ఎదురుంగ ఉంటివి గద. నవ్వినప్పుడు ఎట్లున్నడు?"

రాయమల్లు నలభై నిమిషాలు ఆ మనిషికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. మీసం నల్లగా ఉందో తెల్లగా ఉందో అతనికి తెలియదు. తెలిసినట్టు ఒక్క అబద్ధం చెప్పినా సరిపోయేది. అదీ చేతకాలేదు. ఆమె కళ్లల్లోకి చూడలేక చూపు పక్కకు తిప్పుకున్నాడు.

అక్కడ కిటికీ గూట్లో చిన్న స్టీలు గిన్నె ఒకటి ఉంది, అడుగున మిగిలిన నల్లరంగు ఎండి పగుళ్లు తేలింది, పాత పళ్ల బ్రష్షు అందులో నిలువునా అతుక్కుపోయి ఉంది.