అచ్చిరాని బండి

మా నర్సరీలో గులాబీ మడుల మధ్య నడుస్తున్నాను, కాళ్ల కింద బురద ఉండాల్సిన చోట షోరూముల్లో పరిచే తెల్లటి నున్నటి పలకలు ఉన్నాయి, వాటి మీద నల్ల ప్లాస్టిక్ సంచులు వరసగా పేర్చి ఉన్నాయి గానీ ఏ సంచిలోనూ మొక్క లేదు, ప్రతి సంచిలోనూ మట్టి మీద ఎవరో సగం తాగి వదిలేసిన టీ కప్పు ఉంది. చూస్తుంటే ఒళ్లు మండుతోంది. మా ఆయన దినానికి వచ్చిన చుట్టాలు ఇలాగే ఎక్కడ తాగితే అక్కడ కప్పులు పారేసి, వాటిలో తమలపాకుల ఉమ్ము ఊసి, పోయినవాడు బంగారం లాంటి మనిషని చెప్పుకుంటూ వెళ్లిపోయారు. ఆ కప్పులన్నీ ఏరిన చెయ్యి నాదే. ఇప్పుడు మళ్లీ ఏరుదామని వంగితే వరస చివర మా కొత్త పికప్ ట్రక్కు కనబడుతుంది, బానెట్ మీద పూజనాటి బంతిదండ కుళ్లి నల్లబడి వేలాడుతోంది, బండి కింద నుంచి రెండు కాళ్లు బయటికి చాపి ఉన్నాయి. ఆ మడమల పగుళ్లు నాకు తెలుసు. వాటికి ఆముదం రాసుకోమని చెప్పీ చెప్పీ విసిగిపోయాను.

"బావా, బయటికి రా" అంటాను.

"ఉండవే తాయారూ, గేరాయిలు సూడాలి" అంటాడు మా అబ్బులు బావ, మా మేనత్త కొడుకు, నా మొగుడు, మొన్ననే మొదటి మాసికం పెట్టించుకున్న మనిషి. చనిపోయాడన్న సంగతి నాకు గుర్తుంది, అతనికీ గుర్తుంది, ఇద్దరం ఆ మాట ఎత్తం.

అతను వెల్లకిలా దేక్కుంటూ బయటికి వచ్చి గొంతుక్కూర్చుంటాడు, ఎప్పట్లాగే చేతులు తుడుచుకోవడానికి నా కొంగు అందుకుంటాడు, నేను వెనక్కి లాక్కునేలోపే ఎర్రటి జిడ్డు ఉతికిన చీర మీద నాలుగు వేళ్లుగా అచ్చు పడిపోతుంది. ఆ వాసన నాకు అసహ్యం. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ దుప్పట్లలో, తలగడల్లో, అన్నం కలిపిన చేతిలో అదే వాసన. చనిపోయాక ఇల్లంతా సాంబ్రాణి వేసి కడిగించాను, ఇన్నాళ్లకి పోయిందనుకుంటే మళ్లీ మోసుకొచ్చాడు.

"ఛీ, నీకు గుడ్డ దొరకదా?"

"గుడ్డ ఎప్పుడు దొరికింది నాకు?" అంటాడు, నవ్వుతాడు, పక్కనున్న గిన్నె ముందుకు జరుపుకుంటాడు.

అది నా మజ్జిగ గిన్నె. మా అమ్మ సారెలో పెట్టింది, అంచు కింద చుక్కలు చుక్కలుగా నా పేరు చెక్కించింది. అతను పోయినప్పట్నుంచీ అది కనబడక ఇల్లంతా వెతికాను, దినానికి వచ్చిన వాళ్లలో పెద్దత్తే సంచిలో వేసుకుపోయిందని గట్టిగా నమ్మాను, ఆవిడతో మాట్లాడటం కూడా మానేశాను. అది ఇక్కడ, బండి కింద, ఇతని జిడ్డు వేళ్ల మధ్య ఉంది.

"అందులో పెరుగు తోడేస్తానని తెలీదా నీకు?"

"అడుగు లోతుంటది. బండి కింద పడతది" అంటాడు, అంతకంటే చెప్పాల్సిందేమీ లేనట్టు. తర్వాత బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూస్తాడు. "పుల్ల ఏదే? గేరాయిలు సూసే పుల్ల ఏది ఇందులో?"

ఇది కొత్త బాధ కాదు. ఈ మనిషి ఏ బండి తోలినా, పాత లారీ అయినా వ్యాను అయినా, పొద్దున్నే టీ కూడా తాగకుండా, ఇంజిను ముట్టించకముందే పుల్ల లాగి, తుడిచి, మళ్లీ ముంచి లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, వేళ్ల మధ్య రుద్ది, అప్పుడు గానీ దాన్ని గడప దాటించేవాడు కాదు. రాత్రంతా నూనె కిందికి దిగి ఉంటది, అప్పుడే నిజం చెప్తది అనేవాడు. మనిషి గడ్డం కింద చెయ్యేసి జ్వరం చూసినంత శ్రద్ధగా బండిని చూసేవాడు, నాకు జ్వరమొస్తే మాత్రం మాత్ర వేసుకోమని వాకిట్లోంచే అరిచేవాడు.

బానెట్ లోపల, పుల్ల ఉండాల్సిన చోట, షోరూమాయన టై కట్టుకుని మఠం వేసుక్కూర్చుని ఉన్నాడు. బండి ఇచ్చిన రోజు వేసుకున్న సెంటే వేసుకున్నాడు, అది బంతిపూల కుళ్లుతో కలిసి ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సీల్డ్ అండి. అందులో ఆయిల్ మీరు చూసుకోనక్కర్లేదు. లైఫ్‌టైమ్ ఆయిల్" అంటాడు.

"ఎవరి లైఫండి?" అని అడుగుతాడు మా బావ వినయంగా. "బండిదా, నాదా?"

ఆ రోజు కూడా ఇదే అడిగాడు. ఆ రోజు కూడా ఆయన ఇలాగే పళ్లన్నీ బయటపెట్టి నవ్వి కొబ్బరికాయ కొట్టండి అన్నాడు. నాకు ఆ టై పట్టుకుని ఊపాలనిపిస్తుంది. ఆయన మాత్రం పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెడతాడు, మొన్న వాళ్ల మెకానిక్ వచ్చి బండి చూసిపోయాక నేను ఫోన్ చేసినప్పుడు అప్పజెప్పిన పాఠమే, అప్పుడు నేను కోపంలో వినిపించుకోలేదు, ఇప్పుడు ఒక్కో మాటా స్పష్టంగా వినబడుతోంది. "బండి చదునుగా నిలబెట్టాలండి. ఇంజిన్ ఆన్‌లోనే ఉండాలి, ఆయిల్ వేడెక్కాలి, బ్రేక్ తొక్కిపట్టి గేరు మీట అన్ని చోట్లకీ తిప్పి మళ్లీ పార్కింగ్‌లో పెట్టాలి, అప్పుడు అడుగున బోల్టు తియ్యాలి. సన్నగా కారితే సరిపోయినట్టు. ఇదంతా మేమే చెయ్యాలి. కానీ మీ బోల్టు మీద సీల్ ఎవరో తీశారు కాబట్టి మేం చెయ్యం."

"ఎవరు తీశారంట?" అంటాను. బానెట్‌లో ఆయన లేడు, బానెట్టూ లేదు, తెల్ల పలకలు కిందికి జారిపోయి ఏటిగట్టు ఎక్కే ఏటవాలు దారి అయిపోతాయి. ట్రక్కు ఆ దారి మధ్యలో ఆగి ఉంది. వెనక తొట్టిలో చుట్టాలు నిలబడి ఉన్నారు, ముందు సీట్లో నా ఒళ్లో ఎర్రగుడ్డ కట్టిన కుండ ఉంది, కుండలో మా బావ ఉన్నాడు. పక్కన స్టీరింగు దగ్గర మా మరిది సూరిబాబు యాక్సిలేటరు తొక్కుతున్నాడు, ఇంజిను గొంతు చించుకుంటోంది, బండి అంగుళం కూడా కదలడం లేదు. ఇది జరిగింది. ఇలాగే జరిగింది. అందరూ దిగి తోశారు, తోస్తూ నవ్వు ఆపుకున్నవాళ్లూ ఉన్నారు, ఆఖరికి కుండ పట్టుకుని నేను నడిచే గట్టెక్కాను.

"అచ్చిరాని బండి" అంటుంది పెద్దత్త తొట్టిలోంచి. "కొన్న నెలకే మనిషిని మింగింది."

"అమ్మేద్దాం వదినా" అంటాడు సూరిబాబు. "రాజానగరం అతను తెల్లారగానే వచ్చి పట్టుకుపోతానన్నాడు. నర్సరీ సంగతి నేను సూసుకుంటాలే. నువ్వు ఇంట్లో కూకో."

ఆ చివరి మాట వాడు మెత్తగా అంటాడు, అందుకే ఇంకా అసహ్యం. అంట్లు కట్టడం, ఎరువు కలపడం, కొనేవాళ్లతో మాట్లాడటం అన్నీ నేను చేసినవే, నాకు చేతకానిది మొక్కల లోడు తోలడం ఒక్కటే, ఆ ఒక్కటీ ఈ బండితో వచ్చింది. ఇది పోతే వాడి వ్యాను కోసం, వాడి తీరిక కోసం కాచుకుంటూ నేను నిజంగానే ఇంట్లో కూర్చోవాల్సిందే. అంతా తెలిసీ సరే అన్నాను. ఆ బండి మొహం చూడటం కూడా రోతగా ఉండి సరే అన్నాను.

కుండలోంచి కాకుండా చక్రం పక్కనుంచి మా బావ గొంతు వస్తుంది. "ఎక్కి ఇంజిను ముట్టించవే. నేను కింద సూస్తాను."

"ఆపి చూస్తావుగా నువ్వు."

"ఆ టై అబ్బాయి ముట్టించి సూడాలన్నాడుగా. ఎక్కు."

ఎక్కుతాను. సూరిబాబు ఎటు పోయాడో లేడు, చుట్టాలూ లేరు, గట్టు మళ్లీ మా నర్సరీలో ఇటుకలు పరిచిన చదును నేల అయింది, కొబ్బరిపీచు పొట్టు బస్తాలు పేర్చిన షెడ్డు పక్కనే ఉంది. ఇక్కడే నాకు నేర్పాడు. రెండే పెడళ్లే, ఒకటి పోడానికి, ఒకటి ఆగడానికి, అంతకంటే తేలిగ్గా రుబ్బురోలు కూడా ఉండదు అన్నాడు. ఇంజిను ముట్టిస్తాను, నూనె వేడెక్కేదాకా చాలాసేపు ఆగుతాను, లేదా ఆగినట్టు అనిపిస్తుంది, మందారాలు విచ్చుకుని ముడుచుకుంటాయి. బ్రేక్ తొక్కిపట్టి మీట వెనక్కి, మధ్యకి, ముందుకి తిప్పి మళ్లీ పార్కింగ్‌లో పెడతాను. కిటికీలోంచి వంగి చూస్తే అతను గొంతుక్కూర్చుని ఉన్నాడు, రెండు మోకాళ్లూ చెవుల దాకా మడిచి, పిల్లాడంత సులువుగా.

"నీ ఎడం మోకాలు అరిగిపోయిందన్నావుగా" అంటాను. "క్లచ్ తొక్కలేననేగా ఆటోమేటిక్ కొన్నావ్."

బోల్టుకి పానా తగిలించుకుంటాడు.

"బావా."

"క్లచ్ ఉంటే నువ్వు ఎక్కేదానివా?" అంటాడు, నా వైపు చూడకుండా. "నీ కోసం కొన్నానంటే మావోళ్లు ఊరుకునేవోళ్లా."

నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. బతికున్నంతకాలం నోటితో ఒక్క మంచిమాట అనలేదు, బండి కింద దూరి, చచ్చాక, పానా పట్టుకుని చెప్తున్నాడు. రోత మనిషి. కలిసి బతికినన్నాళ్లూ ఇంతే, ఏదైనా నేనే తవ్వుకోవాలి.

బోల్టు ఊడి వస్తుంది. గిన్నె కింద పెట్టి ఇద్దరం చూస్తాం, నేను ఎప్పుడు దిగానో తెలీదు, ఇటుకల మీద బోర్లా పడుకుని అతని పక్కనే ఉన్నాను. ఏమీ కారదు. ఒక్క చుక్క కూడా లేదు. రంధ్రం పొడిగా, నల్లగా, ఎండిన బావిలా ఉంది. అతను వేలు పెట్టి చూస్తాడు, వాసన చూస్తాడు, అప్పుడు అతని మొహం మారిపోతుంది.

"నేనే తీసేశానే" అంటాడు.

"ఏంటి తీసింది?"

"నేను పోయే ముందురోజు. పొద్దున్నే. ఇంజిను ఆపి, ఎప్పుడూ సూసినట్టే సూశాను. బోల్టు తియ్యగానే దూకేసింది. షోరూమోళ్లు ఎక్కువ పోసి సచ్చారనుకున్నాను. కారడం ఆగేదాకా వదిలేశాను." మజ్జిగ గిన్నె వైపు చూస్తాడు. "ఇంజిను ఆపితే పైనున్న నూనంతా కిందికి దిగుద్ది కదా. ఎక్కువ కాదది. దానికి కావలసిందే."

"ఛీ" అంటాను. "ఎవరూ ముట్టుకోవద్దన్నారు కదా. ఏది చూసినా నీ వేలు పెట్టి కెలకాలి. అది అచ్చిరాలేదని ఊరంతా కూసింది. నేనూ నమ్మాను. నిన్ను మోసుకెళ్తూ గట్టు మీద నవ్వులపాలయ్యాను."

"మరి నువ్వన్నా సూడొచ్చుగా."

"ఎలా చూస్తాను? ఎక్కడ పారబోశావ్ అదంతా?"

ఆ మాటకి అతనికి నిజంగానే కోపం వస్తుంది, బతికున్నప్పుడు పనివాళ్ల మీద వచ్చే కోపం. "పారబోయడమేంటే? మొక్కల్లో పోస్తానా గేరాయిలు? వేరు మాడిపోదూ?" అని లేచి, చేతులు తుడుచుకోవడానికి మళ్లీ నా కొంగు పట్టుకుంటాడు, ఈసారి నేను లాక్కోను, అతను పట్టుకున్న చోట చీర బరువుగా, తడిగా, వెచ్చగా ఉంటుంది. అంతలో షెడ్డు అవతల ఎవరో హారన్ కొడతారు, అతను విసుగ్గా అటు తిరుగుతాడు, హారన్ ఆగదు.

హారన్ గేటు దగ్గర మోగుతోంది. తెల్లారింది. సూరిబాబు గొంతూ, పక్కన కొత్త గొంతూ వినబడ్డాయి, రాజానగరం మనిషి వచ్చేసినట్టున్నాడు. నోరంతా చేదుగా ఉంది. కలే కదా అని మంచం మీదే కాసేపు కూర్చున్నాను, కానీ ఒక్క మాట వదల్లేదు. మా బావ అబద్ధాలాడేవాడు, అప్పులు చేసేవాడు, నా గిన్నెలు పాడుచేసేవాడు గానీ మొక్కల మట్టిలో నూనె పోసే మనిషి కాదు. నిజంగానే తీసి ఉంటే దాన్ని బండి పెట్టే షెడ్డు దగ్గరే ఎక్కడో దాచి ఉండాలి.

గేటు తియ్యకుండా వెనక నుంచి షెడ్డులోకి వెళ్లాను. కొబ్బరిపీచు పొట్టు బస్తాల్ని పక్కకి లాగాను, ఒకటి చిరిగి పొట్టంతా మీద పడింది, తుమ్ములొచ్చాయి, గోడవారన తేళ్లు ఉంటాయని తెలిసీ చెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. రెండు చేతులా పట్టుకుని వెలుతురులోకి తెచ్చాను. అంచు దాకా ఎర్రటి నూనె, పైన దుమ్ము మీగడలా పేరుకుని, అందులో దోమలు, ఒక బొద్దింక. అంచు కింద చుక్కలు చుక్కలుగా నా పేరు, ఆ చుక్కల్లో జిడ్డు దిగి అక్షరాలు ముందుకంటే బాగా కనిపిస్తున్నాయి. వాసనకి డోకొచ్చింది. అదే వాసన.

"వదినా, తాళాలు" అంటూ సూరిబాబు షెడ్డు గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. "ఏంటది?"

"బండి ఇవ్వట్లేదు. అతన్ని పంపించెయ్" అన్నాను.

గిన్నె జాగ్రత్తగా కింద పెట్టాను. చేతులు మోచేతుల దాకా జిడ్డయ్యాయి. చుట్టూ చూస్తే గుడ్డ లేదు. కొంగుకే తుడుచుకున్నాను.