కాళ్ళకొచ్చిన ఇంగ్లీషు

ఇంగ్లీషుకు నా మీద ఏం పగో నాకు తెలియదు. లెక్కలు వచ్చు, రీజనింగ్ వచ్చు. బ్యాంకు క్లర్కు పరీక్ష రాసిన ప్రతిసారీ ఆ రెండింట్లో గట్టెక్కి ఇంగ్లీషు దగ్గర మునిగిపోతాను. ఈసారి మునిగితే ఇంక తేలేది లేదు. వచ్చే నోటిఫికేషన్ నాటికి నాకు వయసు దాటిపోతుంది. ఆ తర్వాత ఎమ్మిగనూరులో మా ఇంటి గుంటమగ్గం, నేను, అంతే.

మగ్గం మీద నాకు కోపం లేదు. నాన్న పోయాక మా ఇద్దరికీ అన్నం పెట్టింది అదే. కానీ మా అమ్మ మల్లక్కకు నడుము పడిపోయింది. గుంటలోకి దిగి నేయలేదు, పైన కూర్చుని కండెలకు నూలు చుడుతుంది. ఇంకొన్నేళ్ళకు నా గతీ అదే. అది తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది, వెంటనే భయమూ వేస్తుంది.

కర్నూలుకు పోయి కోచింగ్‌లో చేరే యోగం మాకెక్కడిది? అక్కడి నాగార్జున సార్ ఫోన్లో పాఠాలు పంపేవాడు. పగలంతా నేసి పుస్తకం పడితే నిద్ర ముంచుకొచ్చేది. ఒకరోజు విసుగెత్తి ఫోను గోడకేసి కొట్టబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏమే, పిచ్చి పట్టిందా నీకు? అంచు మీద పూలు నేసేది నేను యట్ల నేర్చుకున్న్యాననుకున్నావు? మా అత్త పక్కన కూసోని చెప్తాంటే కాళ్ళతో తొక్కి నేర్చుకుంటి. నోరు మర్చిపోతాది గాని కాళ్ళు మర్చిపోవు. తొక్కతా చదువు మే."

మా ఇళ్ళల్లో ఏ పని నేర్పినా అట్లాగే నేర్పుతారు. సరే, ఇదీ చూద్దామని గుంటలో కూర్చుని తొక్కుడు కర్రల మీద కాళ్ళు పెట్టాను. కుడికాలి కర్ర తొక్కితే హీ, షీ, ఇట్. ఎడమకాలిది తొక్కితే క్రియకు ఎస్ తగిలించు. కుడికాలికి డిడ్ వస్తే, ఎడమకాలికి క్రియ మొదటి రూపంలోనే ఉండాలి. కుడి, ఈచ్. ఎడమ, ఏకవచనం. పోగు లాక్కుంటూ నాడె అటు పోతే సిన్స్, పని మొదలైన వేళ. ఇటు వస్తే ఫర్, పని నడిచిన కాలం.

నమ్మండి, నమ్మకపోండి, ఆ దరిద్రపు ఇంగ్లీషు వచ్చేసింది! సార్ పంపిన మాక్ టెస్టులన్నీ మగ్గంలోనే రాశాను. ఫోను ఎదురుగా ఆనించుకుని, ప్రశ్న చదివి, తొక్కి, జవాబు నొక్కడమే. మార్కులు చూసి సార్ ఫోన్ చేశాడు.

"శివలీలా, పక్కన యవరన్నా చెప్తాండారా ఏమమ్మా?"

"యవరూ లేరు సార్, నా కాళ్ళే."

ఆయన తమాషా అనుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పుడు నవ్వే రోజులు మరి.

పరీక్ష కర్నూలు బయట ఒక కాలేజీలో. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పించారు. చల్లటి గది, వరసగా కంప్యూటర్లు, ఎక్కడా చప్పుడు లేదు. ముందు ఇంగ్లీషే. తెర మూలన టైము తరిగిపోవడం మొదలైంది. మొదటి ప్రశ్న చదివాను. ఈచ్ ఆఫ్ ది బాయ్స్... తర్వాత హ్యాజా, హ్యావా? ఏమీ తోచలేదు. రెండోది చదివాను, అదీ అంతే. అయ్యో దేవుడా, నిన్న సాయంత్రం దాకా ఉన్నదంతా ఎవరెత్తుకుపోయారు? అంత చలిలోనూ వీపంతా చెమట పట్టింది.

బల్ల కింద పాదాలకు ఇనుప కడ్డీ తగిలింది. కుడికాలు దానంతటదే తొక్కింది. ఈచ్. ఎడమకాలు తొక్కింది. ఏకవచనం. హ్యాజ్! నొక్కాను. తర్వాతది. డిడ్, గో. నొక్కాను. ప్రాణం లేచి వచ్చింది. కడ్డీ కాస్త వదులుగా ఉన్నట్టుంది, తొక్కినప్పుడల్లా టక్కుమంటోంది. నాకా ధ్యాసే లేదు. పక్కన కూర్చున్నతను చెయ్యెత్తాడు. పర్యవేక్షణ చేస్తున్న మేడమ్ నా దగ్గరికి వచ్చింది.

"ఏంది ఆ చప్పుడు? యవరికి సైగ చేస్తాండావు?"

"సైగ కాదు మేడమ్. మేము మగ్గం నేసేవాళ్ళం. కాళ్ళు ఆడకపోతే నాకు గుర్తు రాదు మేడమ్. మీకు దండం పెడతా."

"ఇట్లా చప్పుళ్ళు చేసి జవాబులు చెప్పుకునేటోళ్ళను శానామందిని చూసినా. ఇంగొకసారి వినపడిందంటే కాపీ కేసు రాసి బయటికి పంపిస్తా."

ఆమెను తిట్టుకుందామన్నా మనసొప్పలేదు. ఆమె చోట నేనున్నా అదే అనేదాన్ని. ఆమె నా వెనకే నిలబడింది. నేల మీద తొక్కి చూశాను, అది కర్రలా కిందికి దిగదు. కాళ్ళు పైకి ఎత్తి గాల్లో తొక్కి చూశాను. గాలికి అడుగేది? పాదం కింద ఏదో ఒకటి ఆనుకుని దిగకపోతే మాట పుట్టదు. వేళ్ళతో తొడ మీద నొక్కి చూశాను, కళ్ళు మూసుకుని మా గుంటను తలుచుకున్నాను. సిన్సా, ఫరా, ఏది అటు, ఏది ఇటు? కళ్ళు తెరిచేసరికి ఇంగ్లీషు భాగం మూసుకుపోయి లెక్కలు వచ్చాయి. సగానికి పైగా ఖాళీ వదిలేశాను. ఇంగ్లీషులో తప్పితే మిగతావి ఎంత బాగా రాసినా లాభం లేదని తెలుసు. అయినా లెక్కలన్నీ చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది.

"యట్ల రాస్తివే?"

 ఆమె మొహం చూడలేక గుంటలోకి దిగాను. కాళ్ళు కర్రల మీద పెట్టానో లేదో, పరీక్షలో వదిలేసిన ప్రశ్నలన్నీ వరసగా వచ్చేశాయి. కుడి, ఎడమ. కుడి, ఎడమ. ఒక్కటీ తప్పిపోలేదు. కడుపు మండిపోయి ఒక్కో జవాబూ గట్టిగా అరిచినట్టు చెప్పాను. ఇప్పుడెందుకే రావడం, ముదనష్టపుదానా, ఇప్పుడెందుకు అని ఆ ఇంగ్లీషును లోలోపలే తిట్టుకున్నాను.

అమ్మ రాట్నం ఆపేసింది. పక్కింటి వైపు తిరిగి కేకేసింది.

"ఓ గిడ్డమ్మా! బిన్నా రా! మా పాప ఇంగిలీసు యట్ల దంచుతాందో ఇనుదువు గాని. ఇంగ బ్యాంకు ఉజ్జోగం వచ్చినట్లే!"

గిడ్డమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గడప మీద కూర్చుంది. "యాదీ, ఇంగొకసారి చెప్పు పాపా," అంది.

అమ్మ నడుము మీద చెయ్యేసుకుని నా వైపే చూస్తోంది. నాన్న పోయాక ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు. నేను కుడికాలు తొక్కాను.

"ఈచ్," అన్నాను.