ట్యాంకులోని ముసలాయన

డాక్టరమ్మ ఎనిమిదేళ్లుగా ఒక సంగతి కడుపులో దాచుకుంది. కట్టుకున్నవాడికి చెప్పలేదు, తోడబుట్టిన అన్నకు అంతకన్నా చెప్పలేదు. ఎవరైనా మాటవరసకి "మీ ట్యాంకులో సరుకు క్షేమమేనా?" అని అడిగినా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు తడబడి, "ఆఁ, బ్రహ్మాండంగా ఉంది" అని మాట మార్చేసేది.

ఆమె పశువైద్యురాలు. అంతరించిపోయేలా ఉన్న గొర్రెజాతుల వీర్యాన్ని గడ్డకట్టించి దాచే కేంద్రంలో ఇరవయ్యేళ్లుగా పనిచేస్తోంది. దాచేది పెద్ద పాలక్యానులాంటి ట్యాంకులో. మూత తీస్తే తెల్లటి పొగ అంచుల మీదుగా కిందికి జారుతుంది. లోపల ద్రవ నత్రజని. అందులో వేలు పెడితే వేలు పుల్లలా విరుగుతుంది. ఆ చలిలో వీర్యం నింపిన, అగ్గిపుల్ల కన్నా కాస్త పొడవైన గొట్టాలు మునిగి ఉంటాయి. ఒక్కో గొట్టం ఒక్కో ఆడగొర్రెకు సరిపోతుంది.

వాటిలో ఇరవై నాలుగు గొట్టాలు ఆమె అన్నయ్య పొట్టేలువి.

అన్నయ్యవి చిట్టిచెవుల గొర్రెలు. బొటనవేలంత చెవులు, గోధుమరంగు ఒళ్లు, కంటి చుట్టూ తెల్లటి మచ్చ. ఎంత వానలో తిరిగినా గిట్టలు చెడవు, ఎండుగడ్డి పరకలు కొరుక్కుని కూడా బతికేస్తాయి. కాకపోతే నెమ్మదిగా ఎదుగుతాయి. అందుకే చుట్టుపక్కల వాళ్లంతా ఆర్నెల్లకే బలిసే పెద్దజాతికి మారిపోయారు. అన్నయ్య ఒక్కడూ మొండికేశాడు. "నాతో పాటు మా ఆవిడ కూడా మొండిదే. మొండివాళ్ల ఇంట్లో మొండిగొర్రెలే బతుకుతాయి" అనేవాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చెల్లెలు వచ్చి, మందకు పెద్దైన పొట్టేలు వీర్యం తీస్తానంటే పడీపడీ నవ్వాడు. ఆ పొట్టేలును ఇంట్లో అందరూ ముసలాయన అనేవాళ్లు.

"ముసలాయన నిక్షేపంలా ఉండగా సీసాలో పిల్లలెందుకే?"

"సీసా కాదన్నయ్యా, గొట్టం. ఉండనీ, అన్నం పెట్టమంటోందా, నీళ్లు పెట్టమంటోందా?"

అలా తీసినవే ఆ ఇరవై నాలుగు.

ఇక ఆమె దాచిన సంగతి. ఎనిమిదేళ్ల కిందట కేంద్రం పాత భవనం నుంచి కొత్తదానికి మారింది. సామాను సర్దే గొడవలో ఆ ఒక్క ట్యాంకు వరండాలో అట్టపెట్టెల వెనక ఉండిపోయింది. వారం వారం అందులో నత్రజని నింపించాల్సిన బాధ్యత ఆమెదే. ఐదువారాలు మరిచిపోయింది. గుర్తొచ్చి పరుగెత్తుకెళ్లి కొలబద్ద ముంచి చూస్తే, అడుగున రెండు వేళ్ల మందం మిగిలి ఉంది. ఆ రెండు వేళ్ల చలి ఆ గొట్టాలను కాపాడిందో లేదో తెలియదు. వెంటనే నింపించింది. పుస్తకంలో "నింపడమైనది" అని రాసి సంతకం పెట్టింది. అంతే.

ఒక గొట్టం కరిగించి చూస్తే తెలిసిపోయేది. అప్పటికే ముసలాయన చనిపోయి చాలా ఏళ్లయింది, ఉన్నవే ఇరవై నాలుగు, ఒకటి పాడుచేయడం ఎందుకని తనకు తాను సర్దిచెప్పుకుంది. అసలు సంగతి అది కాదని ఆమెకూ తెలుసు. చూస్తే తేలిపోతుంది. తేలడమే ఆమెకు భయం.

అన్నయ్య మంద ఏటికేడు తరుగుతూ పన్నెండు ఆడగొర్రెలకూ ఒక పొట్టేలుకూ వచ్చింది. ఆ ఏడు పుట్టిన రెండు మగపిల్లలూ విరేచనాలు పట్టుకుని పోయాయి. తర్వాత ఒకరోజు ఆ ఉన్న ఒక్క పొట్టేలూ దాణాగది గొళ్లెం కొమ్ములతో ఎత్తి, లోపల దూరి, గింజలు గొంతుదాకా మెక్కింది. కడుపు డోలులా ఉబ్బి, మర్నాడు మధ్యాహ్నానికి కన్నుమూసింది.

అన్నయ్య ఫోను చేయలేదు. తిన్నగా కేంద్రానికే వచ్చి, ఆమె గది గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆఫీసులో చెప్పులు విడవక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. కానీ ఆరోజు అతని ముఖం చూసి ఆమె ఆ మాట ఎత్తలేదు.

"పోయిందే" అన్నాడు. "ఇక మగది లేదు. ఎక్కడా లేదు. పక్కవాళ్లను అడిగొచ్చాను, ఆ పక్కవాళ్లనీ అడిగాను. అందరివీ కలిసిపోయిన జాతులే." ఒక అడుగు లోపలికి వేసి, "నీ దగ్గర ముసలాయన ఉన్నాడు కదా?" అన్నాడు.

డాక్టరమ్మ "ఉన్నాడు" అంది.

"అంతే. నాకు తెలుసు. ఆరోజు నవ్వానుగానీ, నువ్వు చేసిందే మంచిదైంది" అని, ఇరవయ్యేళ్లలో మొదటిసారి చెల్లెల్ని మెచ్చుకుని వెళ్లాడు. తిట్టినా ఆమెకు అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకు వెళ్లింది. అక్కడి టెక్నీషియన్ పొద్దస్తమానం సూక్ష్మదర్శిని కింద చుక్కలు చూస్తూ ఉంటుంది కాబట్టి అందరూ ఆమెను చుక్కమ్మ అంటారు. మాట జోరు, చెయ్యి నిదానం.

"ఒక్క గొట్టం కరిగిద్దాం" అంది డాక్టరమ్మ.

"ముసలాయన్నా? ఎన్నాళ్లకు మేడమ్! ముట్టుకుంటే అరిగిపోతాడన్నట్టు దాచారు కదా."

చుక్కమ్మ పొడవాటి పటకారుతో గొట్టం తీసి, గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచి, తుడిచి, కొన కత్తిరించి, ఒక చుక్క గాజుపలక మీద వేసింది. డాక్టరమ్మ ముందుకు వంగి కన్ను ఆనించింది.

ఏమీ లేదు. అంటే, ఉన్నాయి. కొన్ని వందల సన్నటి తోకలు, ఆరబోసిన నువ్వుల్లా పడి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. పలకను అటు జరిపింది, ఇటు జరిపింది. ఎక్కడ చూసినా అదే.

ఆమె వెనక్కి జరిగి స్టూలు మీద కూలబడింది. ఎనిమిదేళ్ల నుంచి ఎదురుచూస్తున్న జవాబే. గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డ అన్నయ్యే కళ్లముందు కనిపించాడు. అతనికి ఏ ముఖం పెట్టుకుని చెప్పడం?

"నేనే చంపేశాను" అంది పైకే.

"ఎవర్ని మేడమ్?" అంటూ చుక్కమ్మ తానూ ఒకసారి చూద్దామని వంగింది. పలక సరిచేయబోయి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. "అయ్యో నా బుద్ధి మండా! ఇది మంచులా ఉంది."

పలక కింద వెచ్చగా ఉంచే బల్ల ఒకటి ఉంటుంది. చల్లటి గాజు తగిలితే ప్రాణమున్నవి కూడా బిగుసుకుని కదలవు. ఆ బల్ల తీగ గోడ ప్లగ్గులో లేదు. దాని చోట చుక్కమ్మ సెల్‌ఫోను ఛార్జరు వేలాడుతోంది.

"తిట్టండి మేడమ్, తర్వాత తిట్టండి" అని ఆమె ఛార్జరు పీకి పారేసి తీగ పెట్టింది. బల్ల వేడెక్కడానికి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ చుక్కమ్మ మొదటిసారి నోరు మూసుకుని కూర్చుంది. డాక్టరమ్మ ఆశపడకూడదనుకుంది. ఆశ ఆమె మాట వింటేనా?

కొత్త పలక వెచ్చబడ్డాక కొత్త చుక్క వేశారు. చూడమని చుక్కమ్మనే పురమాయించి, డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది.

"మేడమ్..."

"చెప్పు."

"ఈదుతున్నాయి మేడమ్! ఇదిగో, ఇది చూడండి, దీనికి రైలు తప్పిపోతున్నట్టుంది!"

డాక్టరమ్మ వంగి చూసింది. నిజమే. అన్నీ కాదు, సగానికి కాస్త తక్కువ. కానీ తోకలు ఆడిస్తూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ ముందుకు పోతున్నాయి. ఎప్పుడో చచ్చిపోయిన పొట్టేలు అక్కడ సంతకు పోతున్నంత హడావిడిగా ఉంది. ఆమె కళ్లు మసకబారి మరి చూడలేకపోయింది. చుక్కమ్మ గాబరాగా, "నిజంగా తిట్టరా మేడమ్?" అని అడిగింది. డాక్టరమ్మ ఆమెను గట్టిగా కౌగిలించుకుంది.

ఆ మధ్యాహ్నమే అన్నయ్య ఇంటికి వెళ్లింది. గొర్రెలపాక ముందు నిలబెట్టి మొత్తం చెప్పేసింది: ఐదువారాలు, రెండు వేళ్లు, పుస్తకంలో రాయని మాట. అన్నయ్య వింటూ వింటూ ముఖం ముడుచుకుని పాకలోకి పోయాడు. లోపల తొట్టి కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. వదిన గుమ్మం దగ్గర నుంచి, "ఆగు, తొట్టి అయ్యాక మనిషి దారికొస్తాడు" అని సైగ చేసింది.

వచ్చాడు. "ఇప్పుడు కదులుతున్నాయా?"

"వందకు నలభై దాకా."

"ఆరోజే చెప్పుంటే ఈ ఎనిమిదేళ్లూ నేను నిన్ను తిట్టేవాణ్ణి. నాకా శ్రమ లేకుండా నువ్వే తిట్టుకున్నావు. ఇక చాల్లే." కండువాతో చేతులు తుడుచుకుని, "ఎప్పుడు పట్టుకురమ్మంటావ్ వీటిని?" అన్నాడు.

పన్నెండు గొర్రెలనూ ఒకేరోజు ఎదకు తేవడానికి లోపల మందు పట్టించిన స్పంజి ఉండలు పెట్టి, పద్నాలుగు రోజులాగి తీశారు. సూదిమందు ఇచ్చారు. మూడోరోజు వాటిని వ్యానులో కేంద్రానికి తెచ్చారు. గొర్రెకు గర్భాశయం దారి మెలికలు మెలికలుగా ఉంటుంది. గడ్డకట్టించిన వీర్యం ఆ దారిన పోతే నిలవడం అరుదు. అందుకని పొట్ట మీద రెండు చిన్న చిల్లులు చేసి, దీపమున్న గొట్టంతో లోపల చూస్తూ, నేరుగా గర్భాశయంలోనే వదలాలి.

"కడుపు కోస్తావా?" అన్నాడు అన్నయ్య.

"కోత కాదు, చిల్లులు. ముక్కు కుట్టించుకున్నంత."

"దానికి ముక్కుపుడక పెడతావా మరి?" అన్నాడుగానీ, మొదటి గొర్రెను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టేసరికి అతని ముఖమే పాలిపోయింది. పొట్ట వైపు చూడలేక పన్నెండింటికీ తల పట్టుకుని, చెవులు నిమురుతూ, "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూనే ఉన్నాడు. డాక్టరమ్మ ఒకదాని తర్వాత ఒకటిగా చకచకా ముగించింది. చుక్కమ్మ గొట్టాలు కరిగించి అందిస్తూ, అడక్కపోయినా ప్రతిసారీ "బల్ల వెచ్చగానే ఉంది మేడమ్" అని విన్నవించుకుంది.

నెలన్నర తర్వాత స్కానింగు చేశారు. పన్నెండింటిలో ఆరు చూలు కట్టాయి. అన్నయ్యకు ఆ తెరమీద ఏమీ అర్థం కాలేదు. "ఆ గింజంత వెలుగేనా?" అని అడిగి, ప్రతి గింజనూ రెండేసి సార్లు చూపించమన్నాడు.

ఐదు నెలలు నిండాయి. మొదటి గొర్రె ఈనింది, ఆడపిల్ల. రెండోదీ ఆడపిల్లే. మూడోది కవలలు, ఇద్దరూ ఆడపిల్లలే. నాలుగూ చిట్టిచెవులతో, కంటి చుట్టూ మచ్చలతో అచ్చు ముసలాయన పోలికే. అందరూ మురిసిపోయారుగానీ అన్నయ్య మెల్లగా వేళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇల్లంతా ఆడపడుచులే. వీళ్ల పెత్తనం ఎలా పడతామో" అంది వదిన.

"ట్యాంకులో ఇంకా పదకొండు గొట్టాలున్నాయి అన్నయ్యా. బెంగపడకు" అని చెల్లెలు ధైర్యం చెప్పింది. పడొద్దంటే పడకుండా ఉండే మనిషైతే ఇన్నాళ్లు ఆ గొర్రెల్ని పట్టుకు వేలాడేవాడే కాదు.

నాలుగోదానికి ఒకరోజు పొద్దున నొప్పులు మొదలయ్యాయి. తొమ్మిదింటికి నీళ్లసంచి పగిలింది, పదకొండైనా పిల్ల రాలేదు. డాక్టరమ్మ వచ్చేసరికి అన్నయ్య చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. "నా చెయ్యి పట్టడం లేదే. ఒక కాలే తగులుతోంది" అన్నాడు.

ఆమె మోచేతిదాకా సబ్బు రాసుకుని, గడ్డి మీద బోర్లా పడుకుని, కళ్లు మూసుకుని వేళ్లతో వెతికింది. తల ఉంది, ఒక ముందుకాలు ఉంది. రెండోది వెనక్కి మడతపడి పొట్ట కింద ఇరుక్కుంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి నలిగిపోతోంది. నొప్పి తగ్గగానే తలను వెనక్కి నెట్టి, గిట్టను అరచేతిలో దాచుకుని, అంగుళం అంగుళంగా ముందుకు తెచ్చింది. "వచ్చింది. ఇప్పుడు మెల్లగా లాగు, కిందికి!" అంది. అన్నయ్య లాగాడు. పిల్ల జారి గడ్డి మీద పడింది.

ఊపిరి లేదు. అన్నయ్య దాని ముక్కు తుడిచాడు, గడ్డితో ఒళ్లంతా రుద్దాడు. డాక్టరమ్మ ఒక గడ్డిపరక దాని ముక్కులో పెట్టి తిప్పింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి పిల్ల ఎవరినో కోప్పడినట్టు గట్టిగా తుమ్మింది. వెంటనే తల విదిల్చి సన్నగా అరిచింది. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, చిన్నప్పుడు ఏదో అల్లరి చేసి దొరక్కుండా బయటపడ్డప్పుడు నవ్వినట్టు నవ్వారు. తర్వాత ఎప్పటికో అన్నయ్యకు తోక ఎత్తి చూడాలని గుర్తొచ్చింది.

"ఇదీ ఆడపిల్లే" అన్నాడు. ఆ మాటలో ఇసుమంత విచారం కూడా లేదు. "బతికింది, అది చాలు."

"ఇలా రండి ఇద్దరూ" అని పాక అవతలి చివర నుంచి వదిన పిలిచింది. "మీరక్కడ కుస్తీ పడుతుంటే, ఈ మహాతల్లి ఎవరికీ చెప్పకుండా పని కానిచ్చేసింది."

ఐదో గొర్రె అది, వయసులో అన్నిటికన్నా చిన్నది. మూల నిలబడి, తన పిల్లను నాకుతోంది. పిల్ల అప్పటికే లేచి, వణికే నాలుగుకాళ్ల మీద తూలుతూ, పొదుగు అనుకుని గోడను కుడుస్తోంది. అన్నయ్య వంగి చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ చూశాడు. చెల్లెలి వైపు తిరిగి, తల ఊపాడు.

"మగాడా?" అంది డాక్టరమ్మ.

"మగాడే. తల్లిని పట్టుకోవడం చేతకాక గోడ నాకుతున్నాడు చూడు, వేరే రుజువెందుకు?" అంది వదిన.

ఆ వారంలోనే ఆరోదీ ఈనింది. దానిదీ మగపిల్లే. మిగిలిన పదకొండు గొట్టాలను అలాగే ఉంచుదామని అన్నాచెల్లెళ్లు అనుకున్నారు. ఎదిగిన పొట్టేళ్ల నుంచి వచ్చే ఏడు కొత్తవి తీసి, రెండు వేర్వేరు చోట్ల, ఇద్దరు వేర్వేరు మనుషుల బాధ్యతలో దాచాలని కూడా నిర్ణయించారు. అదంతా తర్వాతి మాట.

ఆ పూటకు మాత్రం డాక్టరమ్మ చేతులు కడుక్కుని, వదిన పెట్టిన భోజనం రెండుసార్లు మారు అడిగి తిని, చుక్కమ్మకు ఫోను చేసి చెప్పింది. ఆమె అటునుంచి కేకలు వేస్తుంటే ఫోనును చెవికి దూరంగా పట్టుకుంది. తర్వాత పాక గోడకు ఆనుకుని, గడ్డిమోపు మీద కాళ్లు చాపుకుంది. ఎదురుగా ఆ పూట పుట్టిన ఇద్దరు కొత్తవాళ్లూ పొట్టనిండా పాలు తాగి ముడుచుకుని పడుకున్నారు. ఏదో చెబుదామని అన్నయ్య అటువైపు తిరిగేసరికి, ఆమె నోరు కాస్త తెరుచుకుని, చిన్నగా గురక పెడుతోంది.

"లేపకండి" అంది వదిన. అన్నయ్య తొట్టి కూడా కడగకుండా, చప్పుడు కాకుండా బయటికి నడిచాడు.