పదికి తొమ్మిది వచ్చిన ఊరు

వెండెల్ మీద కొరీన్‌కున్న ఫిర్యాదు పెద్దదేమీ కాదు. మనిషి మంచివాడే. గుర్తు చేస్తే చెత్తడబ్బా రోడ్డు దాకా నెట్టుకెళ్తాడు, చేయకపోతే ఎందుకు గుర్తు చేయలేదని అడుగుతాడు. కాకపోతే దేనికైనా పదికి ఎన్ని మార్కులో తెలిస్తేగాని ఆయనకు ముద్ద దిగదు. గిన్నెలు కడిగే మిషను, పళ్ల డాక్టరు, పిజ్జా కొట్టు, అన్నీ అలా ఎంచినవే. పెళ్లికి ముందు తనకెన్ని వేశాడో కొరీన్ ఎప్పుడూ అడగలేదు. నిజం చెప్పేస్తాడని భయం.

ఇప్పుడు బడుల మీద పడ్డాడు. కూతురు టిల్లీకి నాలుగో తరగతి. వాళ్లుండే బ్రిగ్స్ క్రీక్ బడులకు రాష్ట్ర పరీక్షల లెక్కన ఒక వెబ్‌సైటు వేసిన మార్కులు పదికి ఐదు. నది అవతలి ఆల్డెన్ హైట్స్‌కు తొమ్మిది.

"ఐదంటే సగం, కొరీన్. మన పిల్లకి సగం చదువు చాలా? ఆ ఊళ్లో ఉంటేనే ఆ బడిలో చేర్చుకుంటారు, ఇల్లు మారిపోదాం. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు కదా, ఓసారి వెళ్లి ఆ బడి చూసిరా."

ఇంట్లోనే ఉంటావు కదా. డ్రయ్యర్‌లోంచి తీసిన వేడి బట్టలు మడతపెడుతూ ఆమె ఆ మాటనీ మడతపెట్టాలని చూసింది, కుదరలేదు. ఒక మేజోడుకు జత దొరక్క మిషన్లో తల దూర్చి వెతికి, లేచి, ఎందుకు లేచిందో మరిచిపోయి మళ్లీ కూర్చుంది. ఆసుపత్రి ల్యాబ్ వాళ్లు సాయంత్రం షిఫ్టుకు రమ్మన్నారు. టిల్లీ కడుపులో ఉన్నప్పుడు మానేసిన పనే. సోమవారానికల్లా జవాబివ్వాలి. వెండెల్‌కు చెబితే "మంచిదే, ఇల్లు మారాక చూద్దాంలే" అన్నాడు. పిల్ల నడిచాక, పిల్ల బడికెళ్లాక, వంటగది బాగుచేయించాక. ఆ "ఆక"లన్నీ వరసగా నిలబెడితే ఆమె వయసు సగం అందులోనే ఉంది.

మర్నాడు కొరీన్ వెళ్లేసరికి ఆల్డెన్ హైట్స్ బడి ముందు, పిల్లల్ని ఎక్కించుకోవడానికి వచ్చిన కార్ల వరస వీధి మలుపు దాకా సాగింది. బడి వదలడానికి ఇంకా చాలా టైముంది. ప్రతి కారులోనూ ఒక అమ్మ. పక్క కారావిడ అద్దం దించింది. పేరు గ్రెచెన్ అట.

"కొత్తా? మీ ఆయన మార్కులు చూశాడా?"

"చూశాడు."

"మా ఆయనా చూశాడు. అప్పుడు నేను లాయర్ని." వెనకసీటు మీది డబ్బాలు చూపించింది. "ఇవి పిల్ల కారులో తినడానికి. ఇక్కణ్ణుంచి లెక్కల ట్యూషను, అక్కణ్ణుంచి రీడింగు, ఇంటికెళ్లాక ఏప్రిల్లో వచ్చే రాష్ట్ర పరీక్షకి ప్రాక్టీసు. భిన్నాలు నాకిప్పుడు చిన్నప్పటికంటే బాగా వచ్చు."

"ఇవన్నీ బడిలో చెప్పరా?"

"చెప్తారు. ఇంట్లో మనం చెప్పి పంపుతామని తెలుసు కాబట్టి తొందరగా చెప్పేస్తారు."

కొరీన్ నవ్వింది గాని, కారు తిప్పాక ఇంటికి పోబుద్ధి కాలేదు. ఆ వీధులే రెండుసార్లు చుట్టింది. బ్రిగ్స్ క్రీక్‌లో తను తప్ప అమ్మలు దాదాపు అందరూ పనికెళ్తారు. అందుకే అక్కడ టీచరే బడి అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టుకుని హోంవర్కు చేయిస్తుంది. ఆ ఐదూ బడి సంపాదించుకున్నవి. మరి ఈ తొమ్మిది ఎవరివి? ఆ వరసలో ఎన్ని డిగ్రీలు, ఎన్ని ఉద్యోగాలు ఇంజను ఆపుకుని కూర్చున్నాయో ఏ వెబ్‌సైటూ చెప్పదు.

ఆదివారం భోజనానికి అత్తగారు లోర్నా వచ్చింది. ఆమె పాట మారదు. "ఆల్డెన్ హైట్స్ బడి లేకపోతే మా వాడు ఇంజనీరయ్యేవాడా?" థాంక్స్‌గివింగ్ పండక్కి టర్కీ కోడి లేకపోయినా గడుస్తుందేమోగాని ఈ మాట లేకుండా గడవదు.

"అయితే వెళ్దాం," అంది కొరీన్, బంగాళదుంపల గిన్నె భర్త వైపు జరుపుతూ.

వెండెల్ ముఖం వెలిగింది. "చెప్పానా."

"ల్యాబ్ వాళ్లకి వస్తానని చెప్పేశాను. మధ్యాహ్నం వెళ్తే రాత్రికే రావడం. అక్కడి చదువుకి సాయంత్రాలు పూర్తిగా ఒక మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వు."

"నాకు మీటింగులుంటాయి."

"ఆ కార్లలో కూర్చున్నవాళ్ల మొగుళ్లందరికీ ఉంటాయి."

"నువ్వు మరీ పెద్దది చేసి చెప్తున్నావు. చదువు చెప్పేది బడి. నన్నెవరు కూర్చోబెట్టి చదివించారు? కావాలంటే అమ్మనడుగు."

లోర్నా మాంసం కోయడం ఆపింది. టిల్లీ కూడా నాయనమ్మ వైపే చూసింది.

"నీకు భిన్నాలు వచ్చేవి కావు," అంది లోర్నా మెల్లిగా. "యాపిల్ కోసి చూపిస్తే ముక్కలు తినేసి మళ్లీ చెప్పమనేవాడివి. బ్యాంకు నుంచి నేనొచ్చేసరికి నువ్వు నిద్రకి తూగేవాడివి. అందుకని బ్యాంకు మానేశాను. నాకు ఆ సీటంటే చాలా ఇష్టం, కొరీన్. పక్కింటి డోరతీ కూడా అలాగే మానేసింది."

"అమ్మా, బడి వల్లేనని నువ్వే కదా అంటావు."

"అంటాను. అలా అంటే నేను మానేసిన ఉద్యోగం గుర్తుకు రాదని, ఆ బాధ ఉండదని." ఆమె నాప్‌కిన్ మడిచి పళ్లెం పక్కన పెట్టింది. "తప్పు చెప్పానురా. నిన్ను చదివించింది బడి కాదు, నేను. నీకు ఎప్పుడో చెప్పాల్సింది. కొరీన్‌కైతే నీకంటే ముందే చెప్పాల్సింది."